టైల్స్ అతికించే ముందు ప్రైమర్ కొట్టాలా, వద్దా? గోడను పరీక్షించి తేల్చుకోవడం ఎలా?

ఊడిన టైల్‌ను వెంటనే పారేయకండి. ముందు దాన్ని వెనక్కి తిప్పి చూడండి. మా స్నానాల గదిలో గోడకు అతికించిన టైల్ ఒకటి ఏడాది తిరక్కుండానే చేతిలోకి వచ్చింది. అడ్హెసివ్ (టైల్స్ అతికించే సిమెంట్ జిగురు) అంతా టైల్‌కే అంటుకుని ఉంది, గోడ మీద దాని జాడే లేదు. ఆ అడ్హెసివ్‌ను వేలితో రుద్దితే మెత్తటి తెల్లపొడి రాలింది. అడ్హెసివ్ తన పని తాను చేసింది. కాకపోతే అది పట్టుకున్నది గోడను కాదు, గోడ మీది పాత పుట్టీని.

"ప్రైమర్ కొట్టి ఉంటే ఊడేది కాదు" అని చూసినవాళ్లంతా అన్నారు. ఆ పుట్టీ మీద రెండుసార్లు ప్రైమర్ కొట్టినా ఆ టైల్ ఊడేదే. ప్రైమర్ గట్టిగా ఉన్న గోడకు సాయం చేస్తుందే తప్ప, పొడిపొడిగా రాలే గోడను గట్టిపరచదు. అందుకే ప్రైమర్ డబ్బా కొనే ముందు గోడ పరిస్థితి చూడాలి.

ప్రైమర్ చేసే పని

సిమెంట్ అడ్హెసివ్ గట్టిపడేది ఆరిపోయి కాదు, నీటితో కలిసి రసాయనికంగా మారి. దాహంగా ఉన్న ప్లాస్టర్ మీద దాన్ని పూస్తే గోడ ఆ నీటిని లాగేసుకుంటుంది. అడ్హెసివ్ పైన పొర కట్టేస్తుంది, టైల్ పెట్టినా తడిసి అంటుకోదు. ఐరోపా ప్రమాణం ఈఎన్ 12004 ప్రకారం మామూలు అడ్హెసివ్ పూసిన 20 నిమిషాల తర్వాత టైల్ పెట్టినా చదరపు మిల్లీమీటరుకు 0.5 న్యూటన్ల పట్టు రావాలి. అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 5 కిలోల లాగుడును తట్టుకోవాలి. అయితే ఆ పరీక్ష చేసేది నీటిని పెద్దగా పీల్చని కాంక్రీటు పలక మీద. బాగా పీల్చే గోడ మీద ఆ 20 నిమిషాలు మీకు దక్కవు. ప్రైమర్ ఆ పీల్పును తగ్గిస్తుంది. నున్నటి ఉపరితలాల మీద దాని పని వేరు: ఇసుక రేణువులున్న ప్రైమర్ గరుకుదనం ఇచ్చి పట్టు కల్పిస్తుంది. జిప్సం మీదైతే సిమెంటుకూ జిప్సానికీ మధ్య అడ్డుతెరలా నిలుస్తుంది.

మొదటి అడుగు: తడమండి, గీకండి, తట్టండి

అరచేత్తో గోడను గట్టిగా తుడవండి. చేతికి పొడి అంటుతోందా? స్క్రూడ్రైవర్ మొనతో అడ్డంగా, నిలువుగా గీతలు గీయండి. గీత సన్నగా పడితే మంచిదే. అంచులు పెచ్చులుగా లేచినా, మొన సులువుగా దిగిపోయినా ఆ పొర తీసేయాల్సిందే. తర్వాత తాపీ పిడితో గోడంతా తట్టుకుంటూ వెళ్లండి. డొల్ల శబ్దం వచ్చిన చోట ప్లాస్టర్ ఇటుకను వదిలేసిందన్నమాట. అక్కడ చెక్కేసి కొత్తగా పూయించండి.

సున్నం, పుట్టీ, పెయింట్ ఉంటే గీకి తీసేయండి. గట్టిగా ఉందనిపించిన పెయింట్‌ను కూడా నేనైతే నమ్మను. టైల్ బరువంతా ఆ పల్చటి పొర మీదే వేలాడుతుంది మరి. చెమ్మ, ఉప్పు పూత కనబడితే నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో కనిపెట్టి ఆపే వరకు మిగతా పని ముట్టుకోవద్దు.

రెండో అడుగు: నీటి చుక్క

శుభ్రం చేసిన గోడ మీద నాలుగైదు చోట్ల నీళ్లు చిలకరించి గమనించండి. కొన్ని సెకన్లలోనే ఇంకిపోతే గోడ దాహంగా ఉంది, ప్రైమర్ కావాలి. నిమిషం, రెండు నిమిషాల్లో నెమ్మదిగా నల్లబడుతూ ఇంకితే పీల్పు మామూలుగానే ఉంది. చుక్క పూసలా నిలిచిపోతే నూనె మరకో, పాత పెయింటో, బాగా నునుపు చేసిన కాంక్రీటో అడ్డుపడుతోందని అర్థం. అప్పుడు ముందు ఆ అడ్డు తొలగించాలి లేదా గరుకు చేయాలి. ఒకే గోడలో ఒక మూల ఒకలా, ఇంకో మూల ఇంకోలా ఉండొచ్చు. ముఖ్యంగా అతుకులు వేసిన చోట్ల విడిగా చూడండి.

మూడో అడుగు: ఉపరితలాన్ని బట్టి తేల్చుకోండి

గట్టి సిమెంట్ ప్లాస్టర్, పీల్పు మామూలుగా ఉంటే చాలా అడ్హెసివ్‌లకు ప్రైమర్ అక్కర్లేదు. దుమ్ము తుడిచి, తడి స్పాంజితో అద్ది, నీటి మెరుపు పోయాక అతికించవచ్చు. కొత్త ప్లాస్టర్ అయితే కుదుటపడనివ్వండి. సాధారణంగా 28 రోజులు ఆగమంటారు. ఎండ, గాలి నేరుగా తగిలే గోడకు మాత్రం ప్రైమర్ కొట్టడమే నయం. నేల మీద మందంగా సిమెంట్ మాల్ పరిచి టైల్స్ వేసే పాత పద్ధతిలో ప్రైమర్ ఊసే లేదు. అక్కడ నేలను తడిపి, సిమెంట్ పాలు పోస్తే సరిపోతుంది.

జిప్సం ప్లాస్టర్, పీఓపీ విషయంలో తప్పించుకునే దారి లేదు. తడిలో జిప్సంలోని సల్ఫేట్, సిమెంటులోని అల్యూమినేట్ కలిసి ఎట్రింగైట్ అనే స్ఫటికాలు ఏర్పడతాయి. అవి నీటిని ఇముడ్చుకుని ఉబ్బుతూ రెండింటి మధ్య అతుకును లోపలినుంచే విడదీస్తాయి. టైల్ ఊడేదాకా పైకి ఏమీ కనబడదు. కాబట్టి బాగా ఆరిన జిప్సం మీద ప్రైమర్ తప్పనిసరి. బరువూ చూసుకోవాలి. బ్రిటన్ ప్రమాణం బీఎస్ 5385 జిప్సం ప్లాస్టర్‌కు అడ్హెసివ్‌తో కలిపి చదరపు మీటరుకు 20 కిలోల హద్దు పెట్టింది. 10 మిల్లీమీటర్ల మందం విట్రిఫైడ్ టైల్ ఒక్కటే ఆ హద్దు దాటుతుంది. షవర్ దగ్గరి గోడకు జిప్సం ఉంటే నా సలహా ఒక్కటే: చెక్కేసి సిమెంట్ ప్లాస్టర్ చేయించండి.

పాత టైల్స్ మీదే కొత్తవి వేస్తుంటే ఒక్కొక్కటీ తట్టి, డొల్లగా మోగినవి తీసి, ఆ గుంటలు పూడ్చండి. సబ్బు జిడ్డు, నూనె పూర్తిగా కడిగి ఆరనివ్వండి. వీలైతే గ్రైండర్‌తో మెరుపు పోయేలా గీయండి, మాస్కు తప్పనిసరిగా పెట్టుకోండి. ఆపైన ఇసుక రేణువుల ప్రైమర్ కొట్టి, టైల్ మీద టైల్ వేయడానికి పనికొచ్చే అడ్హెసివ్ వాడండి.

వాటర్‌ప్రూఫింగ్ చేయిస్తే సాధారణంగా ప్రైమర్ దాని కింద వస్తుంది, పైన కాదు. ప్రైమర్ కొట్టినంత మాత్రాన గోడకు వాటర్‌ప్రూఫింగ్ చేసినట్టు కాదు.

నాలుగో అడుగు: సరైన డబ్బా

పెయింట్‌కు ముందు కొట్టే వాల్ ప్రైమర్ వేరు, టైల్స్ ప్రైమర్ వేరు. ఇంట్లో మిగిలింది కదా అని మొదటిది కొట్టేస్తే అది మరో పెయింట్ పొర అవుతుంది, అంతే. చెక్కపనికి వాడే తెల్ల జిగురును నీళ్లలో కలిపి పూయడం ఇంకా ప్రమాదం. తడి అడ్హెసివ్ తగలగానే ఆ జిగురు మళ్లీ మెత్తబడుతుంది. డబ్బా మీద టైల్స్ కోసమని, మీ ఉపరితలం పేరుతో సహా రాసి ఉండాలి. అడ్హెసివ్, ప్రైమర్ ఒకే కంపెనీవి తీసుకుంటే పేచీ ఉండదు.

ఐదో అడుగు: కొట్టడం

గోడను ఊడ్చి, తడిగుడ్డతో తుడిచి, ఆరనివ్వండి. డబ్బా మీద చెప్పినన్ని నీళ్లే కలపండి. బ్రష్‌తో గోడలోకి రుద్దుతున్నట్టు పల్చగా పూయండి. నేల మీద మడుగులు కట్టనివ్వొద్దు, ఎందుకంటే మడుగు ఆరితే ప్లాస్టిక్ కాగితంలాంటి పొర మిగులుతుంది, దాని మీద ఏదీ నిలవదు. ఆరడానికి ఎంతసేపు పడుతుందో డబ్బా చెబుతుంది, కానీ చల్లగా, చెమ్మగా ఉన్న గదిలో అంతకంటే ఎక్కువే పట్టొచ్చు.

ఆరాక మళ్లీ అదే నీటి చుక్క వేయండి. ఇప్పుడది ముందుకంటే ఎక్కువసేపు నిలవాలి. వెంటనే ఇంకిపోతే రెండో కోటు కొట్టండి. టైల్స్ అదే రోజు మొదలుపెట్టడం మంచిది. మధ్యలో దుమ్ము పడితే అది మళ్లీ గోడకూ అడ్హెసివ్‌కూ మధ్య చేరుతుంది.

అనుమానం ఉంటే పని మొత్తం మొదలుపెట్టే ముందు ఒకే ఒక్క టైల్ అతికించి వారం ఆగండి. మా గోడ పుట్టీ అంతా గీకించి, ప్రైమర్ కొట్టాక నేను అదే చేశాను. వారం తర్వాత కళ్లలో పెచ్చులు పడకుండా రక్షణ కళ్లజోడు పెట్టుకుని, ఉలి, సుత్తితో దాన్ని ఊడదీయబోతే టైల్ రెండు ముక్కలైంది. ఊడిన ముక్క వెనక ఈసారి తెల్లపొడి లేదు, గోడ నుంచి పెకలించుకొచ్చిన బూడిద రంగు ప్లాస్టర్ పెచ్చు ఉంది.