పైఅంతస్తు గదులు ఎండకాలంలో ఉడకకుండా: బంగ్లా (మేడ పైకప్పు) మీద చేయాల్సిన పనులు

రాత్రి పదకొండింటికి బయట గాలి కాస్త చల్లబడ్డా, పైఅంతస్తు గదిలో ఫ్యాన్ కింద పడుకుంటే వడగాలి కొట్టినట్టే ఉంటుంది. ఆ వేడి అప్పటిది కాదు, మధ్యాహ్నం స్లాబు తాగిన ఎండ. ఐదించుల కాంక్రీటులో వేడి పైనుంచి కిందికి దిగడానికి మూడు నాలుగు గంటలు పడుతుంది. పైన గచ్చు రెండింటికి కాలు పెట్టనియ్యదు, లోపల సీలింగ్ మాత్రం సాయంత్రం ఐదారింటికి బాగా కాలుతుంది. అక్కణ్నుంచి అర్ధరాత్రి దాకా గదిలోకి సెగ వదులుతూనే ఉంటుంది. ఫ్యాన్ ఆ సెగనే మన మీదికి తోస్తుంది.

ఏసీ, కూలర్, ఫాల్స్ సీలింగ్ ఇవన్నీ లోపలికి వచ్చేసిన వేడితో కొట్లాడేవి. డబ్బు పెట్టే వరస ముందు స్లాబు పైభాగం, తర్వాత పడమటి గోడ, కిటికీలు, ఆ తర్వాతే మిషన్లు. చాలా ఇళ్ళలో ఇది తలకిందులుగా జరుగుతుంది.

పైకప్పుకే మొదటి పీట వేయడానికి ఇంకో కారణం కూడా ఉంది. వరంగల్ దాదాపు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే రెండో వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు ఇక్కడ నడినెత్తిన ఉంటాడు, ఆదిలాబాద్‌లో ఇంకో వారానికి. ఆ రోజుల్లో దక్షిణపు గోడకు ఎండ దాదాపు తగలదు, నడిమధ్యాహ్నపు ఎండంతా పైకప్పు మీదే పడుతుంది. పొద్దున తూర్పు గోడ, మూడింటి నుంచి పొద్దుగూకే దాకా పడమటి గోడ కాలుతాయి. దక్షిణపు కిటికీకి ఖరీదైన కర్టెన్లు కొని స్లాబును వదిలేస్తే లాభం లేదు.

తెల్ల పూత

మామూలు సిమెంటు గచ్చు తన మీద పడ్డ ఎండలో మూడో వంతు కూడా వెనక్కి కొట్టదు. పాకుడు పట్టి నల్లబడ్డదైతే ఇంకా తక్కువ. మంచి తెల్ల పూత కొత్తలో 80 శాతం దాకా వెనక్కి పంపుతుంది. మే మధ్యాహ్నం ఉత్త గచ్చు 60 డిగ్రీలు దాటుతుంది, పూత ఉన్నచోట 15 నుంచి 20 డిగ్రీలు తక్కువ ఉంటుంది. కింద గదిలో తేడా మామూలుగా 2 నుంచి 4 డిగ్రీలు. అంకె చిన్నగా కనిపించినా పడుకున్నప్పుడు దాని విలువ తెలుస్తుంది.

పూత నిలుస్తుందా ఊడుతుందా అన్నది కింద గచ్చును బట్టే. పాత సున్నం పొరలు, లేచిన పెయింటు వైర్ బ్రష్‌తో గీకేయాలి. పాకుడు ఉన్నచోట బ్లీచింగ్ పౌడర్ నీళ్ళు పోసి అరగంట ఆగి రుద్ది కడగాలి. బ్లీచింగ్‌తో యాసిడ్ ఎప్పుడూ కలపొద్దు, విషవాయువు లేస్తుంది. సన్న పర్రెలను క్రాక్‌ఫిల్లర్‌తో నింపాలి. పిట్టగోడ, స్లాబు కలిసే మూలను మాత్రం వదలొద్దు. వానాకాలం నీళ్ళు ఎక్కువగా దిగేది అక్కడే. కడిగాక ఒక బకెట్ నీళ్ళు పోసి చూడండి. ఎక్కడన్నా గుంటలో నీళ్ళు నిలిస్తే ముందు వాటర్‌ప్రూఫింగ్ కలిపిన సిమెంటు మాలుతో ఆ గుంట ఎత్తాలి. నీళ్ళు నిలిచేచోట ఏ పూతా రెండో ఏడాది చూడదు.

చేతిలో డబ్బు తక్కువుంటే సున్నమే వేయండి. వెయ్యి చదరపు అడుగుల బంగ్లాకు రెండు కోట్లకు 25 కిలోల పొడి సున్నం, 2 నుంచి 3 కిలోల నీళ్ళకు తట్టుకునే రకం ఫెవికాల్, సుమారు 45 లీటర్ల నీళ్ళు. ఫెవికాల్‌ను ముందు వేరే బకెట్‌లో నీళ్ళలో కరిగించి, వడగట్టిన సున్నంలో కలపాలి. చిక్కటి మజ్జిగలా జారితే సరిపోయింది. రాతి సున్నం తెచ్చేవాళ్ళు ప్లాస్టిక్ బకెట్ వాడొద్దు, ఇనుప డ్రమ్ములో నీళ్ళు పోసి అందులో సున్నపు రాళ్ళు కొన్నికొన్ని వేయాలి. కుప్ప మీద నీళ్ళు పోస్తే ఒక్కసారి ఉడికి మీదికి చిమ్ముతుంది. రాత్రంతా నాననిచ్చి, మరునాడు గుడ్డతో వడగట్టాలి. కళ్ళద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి. కంట్లో పడితే వెంటనే కనీసం పావుగంట మంచినీళ్ళతో కడిగి ఆసుపత్రికి వెళ్ళాల్సిందే.

సున్నం వేసే ముందు గచ్చును తడపాలి. పొడి గచ్చు నీళ్ళను పీల్చేసుకుంటే సున్నం పొడిపొడిగా రాలుతుంది. పొద్దున తొమ్మిదిలోపు లేదా సాయంత్రం ఐదు తర్వాతే వేయాలి. మొదటి కోటు తూర్పు పడమరలుగా, రెండోది ఉత్తర దక్షిణాలుగా లాగితే వదిలేసిన చోట్లు ఉండవు. ఇది ఒక్క ఎండకాలానికి పనికొస్తుంది, వానలకు చాలావరకు కొట్టుకుపోతుంది. శివరాత్రి దాటాక ఏటా వేసుకునే పని అనుకోండి.

నాలుగైదేళ్ళు నిలవాలంటే బంగ్లా మీదికే అని తయారుచేసిన ఎలాస్టోమరిక్ (రబ్బరులా సాగే) కూల్‌రూఫ్ పూత కొనాలి. గోడలకు వేసే తెల్ల ఎమల్షన్ మిగిలింది కదా అని పైన వేస్తే ఒక్క వానాకాలానికే పొరలుగా లేస్తుంది. డబ్బా మీద ఎస్‌ఆర్‌ఐ అనే అంకె ఉంటుంది, పూత ఎండకు ఎంత తక్కువ వేడెక్కుతుందో అది చెబుతుంది, 100 దగ్గర గానీ పైన గానీ ఉన్నది ఎంచుకోండి. రెండు కోట్లకు లీటరు సుమారు 25 చదరపు అడుగులు వస్తుంది, వెయ్యి అడుగులకు 40 లీటర్లు కావాలి. ‘లీటరుకు 60 అడుగులు’ అని మేస్త్రీ అంటే నీళ్ళు ఎక్కువ కలుపుతున్నాడని అర్థం. దీనికి గచ్చు సున్నం లాగా తడిగా కాదు, పూర్తిగా పొడిగా ఉండాలి. తడిమీద వేస్తే మొదటి ఎండకే బుడగలు లేస్తాయి. ముందు ప్రైమర్, అది లేకపోతే అదే పూతలో సగం నీళ్ళు కలిపి ఒక కోటు, ఆపైన చిక్కగా రెండు కోట్లు, కోటుకూ కోటుకూ నాలుగైదు గంటలు. ఆ తర్వాత ఒక రోజంతా ఎవరూ ఎక్కకూడదు. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్‌రూఫ్ పాలసీ తెచ్చాక ఈ పూతలు ఊళ్ళలో దొరకడం తేలికైంది.

మరక పడ్డ తెలుపు పని చేయదు. గోదావరిఖని, మంచిర్యాల, భూపాలపల్లి వైపు బొగ్గు దుమ్ము, బూడిద పడే ఇళ్ళలో ఎండకాలంలో నెలకోసారన్నా తెల్లవారుజామున ఊడ్చి కడగాలి. మిరపకాయలు, వడియాలు ఆరబెట్టేవాళ్ళు కింద టార్పాలిన్ పట్టా పరచుకుంటే చాలు, కారం మరక ఒకసారి పడితే పోదు.

పూత పని చేస్తుందో లేదో చూడాలంటే ఒక మూలన గజం చోటు వేయకుండా వదిలేయండి. మధ్యాహ్నం రెండింటికి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో (తాకకుండానే వేడి చూపేది) రెండు చోట్లా చూడండి. తేడా పది డిగ్రీల లోపుకు దిగిందంటే కడగాలి, లేదా మళ్ళీ పూయాలి.

కొత్తగా ఇల్లు కట్టేవాళ్ళకు తెల్ల టైల్స్ మంచివే. అయితే ఒక అంగుళం మాలు చదరపు అడుగుకు ఐదు కిలోల దాకా బరువు, వెయ్యి అడుగులకు ఐదు టన్నులు. పాత స్లాబు మీద ఇంజనీరును అడగకుండా వేయించొద్దు.

నీళ్ళు ఎప్పుడు చల్లాలి

స్లాబు మీద నీళ్ళు మిట్టమధ్యాహ్నం పోస్తే ఫలితం ఎక్కువసేపు నిలవదు. అప్పుడు స్లాబు ఎండ తాగుతూనే ఉంటుంది, నీళ్ళు నిమిషాల్లో ఆవిరైపోతాయి. చల్లాల్సింది పొద్దుగూకాక, స్లాబులో వేడి నిండి ఉన్నప్పుడు. పదికి పన్నెండు అడుగుల గది పైకప్పు మీద ఒక మిల్లీమీటరు మందం నీళ్ళు పరచడానికి 11 లీటర్లు చాలు. అవి ఆవిరైతే దాదాపు ఏడున్నర యూనిట్ల కరెంటుకు సమానమైన వేడి తీసుకుపోతాయి. అందులో కొంత గాలిది, మిగతాది స్లాబుదే. ఆరున్నరకు ఒకసారి, ఆ తడి ఆరిపోయాక ఎనిమిదింటికి, తొమ్మిదిన్నరకు ఇంకో రెండుసార్లు. మొత్తం 33 లీటర్లు. పైపు పట్టి పారేలా పోసినా వచ్చే ఫలితం అంతే, పారిన నీళ్ళు వేడిని పెద్దగా తీసుకుపోవు. పైన గోనె సంచులు పరిచి తడిపితే తడి ఎక్కువసేపు ఉంటుంది. పర్రెలు పూడ్చని స్లాబు మీద మాత్రం ఈ పని పెట్టుకోవద్దు, లోపలి ఇనుము తుప్పు పడుతుంది.

నల్ల వాటర్ ట్యాంకుకు కూడా తెల్ల పూత గానీ గోనె సంచి చుట్టగానీ వేయండి. లేకపోతే సాయంత్రం స్నానానికి కుళాయిలో వేన్నీళ్ళే వస్తాయి.

నీడ

పూత కన్నా నీడది ఒక మెట్టు పైనే, ఎండ గచ్చును తాకనే తాకదు కాబట్టి. తాటి కమ్మల చలువ పందిరికి మించింది లేదు గానీ మే నెలలో ఎండిన కమ్మకు ఒక్క నిప్పురవ్వ చాలు, ఇళ్ళు ఆనుకొని ఉన్న బస్తీల్లో వద్దు. షేడ్‌నెట్ అయితే 75 శాతం నీడనిచ్చే యూవీ రకం (ఎండకు త్వరగా చివకనిది) తీసుకోండి. ఆకుపచ్చ కన్నా తెల్లది తక్కువ వేడెక్కుతుంది. నెట్టును గచ్చు మీద పరిస్తే అది కాలి ఆ సెగ స్లాబుకే ఇస్తుంది. కనీసం మూడడుగుల ఎత్తు, మనుషులు తిరగాలంటే ఏడడుగులు ఉండాలి, నాలుగు పక్కలా గాలి ఆడాలి.

నెట్లు చిరిగేది ఎండకు కాదు, మే నెల సాయంత్రాల గాలిదుమారానికి. అంగుళంన్నర జీఐ (జింకు పూత ఉన్న ఇనుప) పైపులు ఎనిమిది పది అడుగులకొకటి నిలబెట్టి, పైన తీగలు లాగి, నెట్టును అడుగున్నరకొక ముడి వేయాలి. స్తంభాల కోసం స్లాబుకు రంధ్రాలు చేయొద్దు, పెయింటు డబ్బాల్లో కాంక్రీటు పోసి అందులో నిలబెట్టి, అడ్డ పైపులతో ఒకదానికొకటి కలపాలి. నాలుగించుల పిట్టగోడకు కట్టడం ప్రమాదం, తెరచాపలా గాలి పట్టిందంటే గోడతో సహా రోడ్డు మీద పడుతుంది. ఒక పక్క ముడులు లాగితే ఊడేలా వేసుకుంటే దుమారం వచ్చినప్పుడు చుట్టేయొచ్చు. కోతులున్న వాడల్లో నెట్టు మీద ఊగకుండా మధ్యలో తీగలు దగ్గరదగ్గరగా లాగండి, అయినా ఏడాదికోసారి కుట్లు తప్పవు.

సోలార్ ప్యానెల్స్ పెట్టించే ఆలోచన ఉంటే పడకగది పైన వచ్చేలా పెట్టించండి. కరెంటుతో పాటు నీడ ఉచితం.

పైన రేకుల గది ఉంటే

రేకుల లెక్క వేరు. అవి వేడి దాచుకోవు, ఎండ తగిలిన నిమిషాల్లో కాలి, పొద్దుగూకగానే చల్లారతాయి. కాబట్టి ఇక్కడ నీళ్ళు పెట్టాల్సింది పగలే, పదకొండు నుంచి నాలుగున్నర దాకా. పొలంలో వాడే 16 మిల్లీమీటర్ల డ్రిప్ పైపును రేకుల ఎత్తు అంచున కట్టి, అడుగుకొక సన్న రంధ్రం చేసి, పావుగంటకోసారి నిమిషం పాటు వదిలితే రేకు తడిసి ఆరుతూ ఉంటుంది. ఇనుప రేకులకు తుప్పు గీకి, మెటల్ ప్రైమర్ వేశాకే తెల్ల పూత. చాలా సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, దాని దుమ్ము పీలిస్తే ఊపిరితిత్తులు పాడవుతాయి. పొడిగా గీకడం, కోయడం, రంధ్రాలు పెట్టడం వద్దు, తడిపి మెత్తటి బ్రష్‌తో కడగాలి. వాటి మీద నేరుగా నడిస్తే విరిగి కింద పడతారు, బోల్టుల వరస మీద పలక వేసుకుని దాని మీదే కాలు పెట్టాలి. రేకుల కింద ఆరించుల సందు వదిలి తడక కట్టి, ఆ సందు రెండు చివర్లా తెరిచి ఉంచితే సెగ అటునుంచే పోతుంది. థర్మాకోల్ అతికించొద్దు, అంటుకుంటే కరిగి మండుతూ మీద పడుతుంది.

గోడలు, కిటికీలు

పడమటి కిటికీకి నాలుగింటి ఎండ అడ్డంగా వస్తుంది, రెండడుగుల సజ్జా దాన్ని ఆపలేదు. బయటి వైపు వెదురు తడక వేలాడదీయాలి. లోపలి కర్టెన్ దాకా వచ్చిన ఎండ గదిలోకి వచ్చినట్టే. కూలర్ నడవనప్పుడు పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఏడు దాకా కిటికీలు మూయండి. రాత్రి అన్నీ తెరిచి, మెట్ల గది తలుపు కూడా తెరిస్తే వేడిగాలి అటునుంచి ఎగిరిపోయి కింది నుంచి చల్లగాలి లాగుతుంది. దొంగల భయముంటే జాలీ తలుపు పెట్టించుకోండి.

కూలర్

ఏప్రిల్, మే నెలల్లో మన వైపు గాలి బాగా పొడిగా ఉంటుంది, కూలర్ చక్కగా పని చేస్తుంది. కానీ దాన్ని గది మధ్యలో పెట్టి తలుపులు మూస్తే గంటలో చెమటలు పడతాయి. కిటికీ దగ్గర బయటి గాలి పీల్చేలా పెట్టి, ఎదుటి కిటికీ జానెడు తెరవాలి. పదికి పన్నెండు అడుగుల గది, పదడుగుల ఎత్తుకు గంటకు సుమారు వెయ్యి ఘనమీటర్ల గాలి ఇచ్చేది చాలు. బోరు నీళ్ళు పోసేవాళ్ళు మూడు రోజులకోసారి అడుగునీళ్ళు పూర్తిగా తీసేయాలి. లేదంటే ప్యాడ్ మీద ఉప్పు గట్టిపడి గాలి ఆగుతుంది, దోమలూ పెరుగుతాయి.

ఇనుప కూలర్‌కు ఎర్తింగ్ లేకుండా వాడొద్దు. ప్రతి ఎండకాలం కూలర్‌లో నీళ్ళు పోస్తూ షాక్ కొట్టి చనిపోయినవాళ్ళ వార్తలు వస్తూనే ఉంటాయి. నీళ్ళు పోసే ముందు స్విచ్ ఆపితే సరిపోదు, ప్లగ్ పీకాలి. మెయిన్ బోర్డులో 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్) పెట్టించి, నెలకోసారి దాని మీదున్న టెస్ట్ బటన్ నొక్కి చూడండి. పడిపోకపోతే అది పని చేయడం లేదని, వెంటనే మార్పించాలి.

రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండలకు, గది 40 డిగ్రీలు దాటితే, ఉత్త ఫ్యాన్ గాలి ఒంటిని ఇంకా కాలుస్తుంది. ముసలివాళ్ళను, పసిపిల్లలను నాలుగింటి నుంచి రాత్రి తొమ్మిది దాకా కింది అంతస్తులో ఉంచండి, వీలు లేకపోతే తడిబట్టతో ఒళ్ళు తుడుస్తూ ఉండండి. మృగశిర దాటి గాలిలో తేమ పెరిగాక కూలర్‌లో నీళ్ళు ఆపేసి ఉత్త గాలికి వాడుకోవాలి. నెట్టు విప్పి, దుమ్ము దులిపి, ఎలుకలు కొరకకుండా డ్రమ్ములో మూతపెట్టి దాచండి. బంగ్లా మీది నీళ్ళ తూములు శుభ్రం చేయాల్సిందీ ఆ వారంలోనే.