ముప్పై మందిని వంజంగి ఎక్కించాలంటే

నలుగురైదుగురు స్నేహితులైతే ప్లాన్ ఏమీ అక్కర్లేదు, శుక్రవారం రాత్రి అనుకుని శనివారం పొద్దున్నే బండెక్కేయొచ్చు. ముప్పై మంది అనేసరికి మాత్రం అది చిన్న సైజు పెళ్లే. వంట లెక్క, బండి లెక్క, అలిగేవాళ్ల లెక్క, అన్నీ ఉంటాయి. మా కాలనీ వాళ్లనీ ఆఫీసు వాళ్లనీ కలిపి విశాఖ నుంచి మూడుసార్లు, పొద్దున్నే మేఘాలు చూడ్డానికి వంజంగి కొండకి తీసుకెళ్లాను కాబట్టి, మొదటిసారి నేను తిన్న ఎదురుదెబ్బలు మీరు తినకుండా ఇది రాస్తున్నా.

వంజంగి పాడేరు పక్కనే, అల్లూరి సీతారామరాజు జిల్లాలో. విశాఖ నుంచి చోడవరం, మాడుగుల మీదుగా ఘాట్ ఎక్కితే వంద కిలోమీటర్ల పైచిలుకు. ఘాట్‌లో వాంతులయ్యేవాళ్లు ఎవరో ముందే అడిగి ముందు సీట్లు వాళ్లకివ్వండి, తలా ఒక నిమ్మకాయ చేతిలో పెట్టండి. నవంబరు నుంచి జనవరి దాకా మంచి కాలం. రాత్రి నేల చల్లబడితే లోయలో ఉన్న తడిగాలి పొగమంచుగా మారి అడుగున పేరుకుంటుంది, మనం పైన ఉంటాం కాబట్టి అది కాళ్ల కింద మేఘాల్లా కనిపిస్తుంది. ఎండ ముదిరేకొద్దీ చెదిరిపోతుంది. అందుకే ‘హాయిగా టిఫిన్ చేసి ఎనిమిదింటికి ఎక్కుదాం’ అనే మామయ్యకి ఈ సంగతి బయల్దేరకముందే చెప్పి ఒప్పించాలి, అక్కడికెళ్లాక చెబితే వినడు. వీలైతే శని, ఆదివారాలు వద్దు, బళ్ల రద్దీకి దారి మీదే తెల్లారిపోతుంది.

‘వస్తాం’ అన్నవాళ్లని లెక్కలోకి తీసుకోకండి, డబ్బు పంపినవాళ్లనే తీసుకోండి. మొదటిసారి నలభై ఐదుగురు వస్తామన్నారు, బస్సు మాట్లాడేశాను, తీరా పొద్దున ముప్పై రెండు మందే తేలారు. మిగతా పదమూడు సీట్ల డబ్బు నా జేబులోంచే పోయింది. ఇంకోమాట, పోగైన డబ్బులో కొంత చిల్లర నోట్లుగా ఉంచుకోండి. కొండ దగ్గర సిగ్నల్ ఉంటే ఉంటుంది లేకపోతే లేదు, పార్కింగ్ దగ్గర ఫోన్ పైకెత్తి తిరిగితే వెనక బళ్లవాళ్లు హారన్ కొడతారు.

టెంట్లు పైన వేద్దామనే ఉత్సాహవంతులు ప్రతి గుంపులో ఇద్దరుంటారు. వద్దు. కింద ఊరివాళ్ల స్థలంలో, వాళ్లని అడిగి, అద్దె ఇచ్చి వేసుకోండి. ముగ్గురి టెంట్ అని రాసి ఉంటే అందులో పట్టేది ఇద్దరూ వాళ్ల బ్యాగులూ. కింద బరకం పరవకపోతే చలి నేలలోంచి వీపుకి ఎక్కుతుంది, ఎన్ని దుప్పట్లు కప్పుకున్నా లాభం లేదు. తెల్లారేసరికి టెంట్ లోపలి గోడల మీద చెమట పట్టినట్టు నీళ్లుంటాయి, అది కారడం కాదు, మన ఊపిరే. పైన జిప్ రెండు వేళ్లంత తెరిచి పడుకుంటే తగ్గుతుంది. ఏజెన్సీ ప్రాంతం, దోమలు మామూలువి కాదు, నిండు చేతుల చొక్కా, దోమల క్రీము మర్చిపోవద్దు.

తిండి విషయంలో హీరోయిజం పనికిరాదు. రాత్రికి ఇంటి దగ్గర కలిపి తెచ్చిన పులిహోర, పెరుగన్నం చాలు, పాడేరులో బొంగులో చికెన్ దొరికితే అది బోనస్. అక్కడే వండుతామంటే మనిషికి నూట యాభై గ్రాముల బియ్యం, అంటే ముప్పై రెండు మందికి ఐదు కిలోలు, చిన్న గ్యాస్ స్టవ్వు, పెద్ద గిన్నె. కర్రలు కొట్టి పొయ్యి పెట్టకండి, చుట్టూ ఉన్నవి వాళ్ల కాఫీ తోటలు, ఆ నీడ చెట్లు నరికితే కాఫీ ఎండిపోతుంది. తాగడానికీ వంటకీ మనిషికి రోజుకి నాలుగు లీటర్ల నీళ్లు లెక్కేసుకుని ఇరవై లీటర్ల క్యాన్లు ఏడు పట్టుకెళ్లండి. చేతులు కడుక్కోడానికి వేరే.

ఇక ఎవరూ మాట్లాడనిది, దొడ్డికి. ముప్పై మంది తలో పొదా చూసుకుంటే తెల్లారేసరికి ఊరివాళ్ల ముఖం చూడలేం. ఊళ్లో మరుగుదొడ్డి వాడుకోనిస్తారేమో ముందు అడగండి. లేదంటే ఒక పార తీసుకెళ్లి, వాగుకి కనీసం అరవై మీటర్ల దూరంలో జానెడు లోతు గుంటలు తవ్వి, ఆడవాళ్లకి వేరే వైపు పాత చీర కట్టి మరుగు చేయండి. పని అయ్యాక మట్టి కప్పాలి.

అసలు పని తెల్లవారుజామున నాలుగింటికి మొదలవుతుంది. రాత్రి పడుకునే ముందే ప్రతివాడికీ ఒక నంబర్ ఇచ్చేయండి, ఆగిన ప్రతిచోటా ఒకటి, రెండు అని అరుచుకుంటూ పోవాలి, ఎక్కడ గొంతు ఆగితే అక్కడ మనిషి లేడు. ముందు నడిచేవాడు ఎవడైనా ఫరవాలేదు, మీ గుంపులో బాగా ఓపికున్న మనిషిని మాత్రం అందరికన్నా వెనక పెట్టండి, టార్చి, ఈల, మందుల పెట్టె ఆయనకే. రెండోసారి మా గుంపులో పంతొమ్మిదో నంబర్ కుర్రాడు బూటు లేసు కట్టుకోడానికి కూర్చున్నాడు, లేచేసరికి ముందు టార్చి వెలుగులు మలుపు తిరిగిపోయాయి, వాడు పక్క దారిలో కాఫీ తోటలోకి దిగిపోయాడు. ఆ రోజు వెనక మనిషిని పెట్టలేదు, అది నా తప్పే. నలభై నిమిషాలు మేం ఈల వేస్తూ నిలబడితే, వాడు మిరియాల తీగ పాకిన సిల్వర్ ఓక్ చెట్టుకి వీపానించి కదలకుండా కూర్చుని దొరికాడు. కదలకుండా ఉన్నాడు కాబట్టే దొరికాడు. అందుకని అందరికీ ముందే చెప్పండి, ఒంటరి అయ్యామనిపిస్తే ఉన్నచోటే ఆగి నోటితోనైనా మూడు ఈలలు వేయమని.

దిగేటప్పుడే ఎక్కువమంది పడతారు. మంచుకి గడ్డి తడిసి ఉంటుంది, గులకరాళ్లు జారతాయి, పైగా ఫోటోలు చూసుకుంటూ దిగుతారు. చెప్పులతో వచ్చినవాళ్లని మొహమాటపడకుండా కిందే ఆపేయండి. ఒకావిడ నా మీద ఏడాదిపాటు అలిగింది, కాలు మాత్రం బాగానే ఉంది.

బయల్దేరే ముందు రెండు పెద్ద సంచులు తెరిచి, ఒక్క పావుగంట అందరూ వంగి చెత్త ఏరాలి, మనది కానిది కూడా. సంచులు బస్సులో వేసుకుని పట్నం తెచ్చేయండి. మళ్లీ ఒకటి నుంచి నంబర్లు పిలిచి, ముప్పై రెండు వినపడ్డాకే డ్రైవర్‌కి పోనిమ్మనండి. ఇంటికెళ్లాక ఎంత నిద్రొస్తున్నా టెంట్లు మేడ మీద ఆరేయండి, తడిగా మడిచి పెడితే వారానికి బూజు వాసన కొడుతుంది, అద్దెకి ఇచ్చినవాడు డిపాజిట్ పట్టుకుంటాడు.