సంక్రాంతికి ఆఫీసుతో పాటు ఫోన్ సిస్టమ్‌కీ తాళం వేయండి

దసరా మర్నాడు పొద్దున్నే విజయవాడ నుంచి ఫోన్. విదేశీ చదువుల కన్సల్టెన్సీ, పద్నాలుగు మంది స్టాఫ్. మేం పెట్టిన ఫోన్ సిస్టమ్ కాదు, ఎవరో నా నంబరు ఇచ్చారట. "ఏవండీ, మా లైను కోసేశారు. నాలుగు లక్షల పన్నెండు వేలు బిల్లంటున్నారు. సోమాలియాకీ క్యూబాకీ మాల్దీవులకీ రాత్రంతా మాట్లాడామట. మా ఆఫీసులో ఎవరికీ సోమాలియాలో చుట్టాలు లేరండీ" అన్నారు ఓనరుగారు. ఆ మాటకి ఆయనకే నవ్వొచ్చింది, మధ్యలోనే ఆగిపోయింది.

వెళ్లి కాల్ రిపోర్టు తెరిచాను. పండగ ముందు రోజు రాత్రి 11:40కి మొదలైంది. పండగ రోజు మధ్యాహ్నం ఒంటిగంటకి ప్రొవైడర్ వాళ్లే అనుమానం వచ్చి లైను ఆపేదాకా పది చానళ్లూ (ఒకేసారి పది కాల్స్ వెళ్లే దారులు) ఖాళీ లేవు. దగ్గర దగ్గర ఎనిమిది వేల నిమిషాలు, అన్నీ 204 ఎక్స్‌టెన్షన్ నుంచే. ఆ నంబరు ఫోను ఆఫీసులో ఏ బల్ల మీదా లేదు. రెండేళ్ల కిందట ఓనరుగారు డాలస్‌లో కూతురి దగ్గరికి వెళ్తుంటే ఆయన మొబైల్లో వేసిన సాఫ్ట్‌ఫోన్, అంటే ఆఫీసు ఎక్స్‌టెన్షన్‌లా పనిచేసే యాప్, అది. పాస్‌వర్డ్ కూడా 204. అది అమెరికా నుంచి పనిచేయాలని రూటర్లో 5060 పోర్టుని, అంటే ఇంటర్నెట్ ఫోన్ కాల్స్ వచ్చే తలుపుని, ప్రపంచం మొత్తానికీ తెరిచారు. తెరిచిన కుర్రాడు అప్పట్లో చెప్పిన మాట ఆయనకింకా గుర్తుంది: "ఇప్పటికి ఓపెన్ చేశాను సార్, మీరు రాగానే క్లోజ్ చేద్దాం."

ఆయన నెలన్నరకే తిరిగొచ్చారు. కుర్రాడు వేరే ఉద్యోగంలో చేరాడు. పోర్టు మాత్రం అలాగే ఉండిపోయింది.

సంక్రాంతి వస్తోంది. భోగి, పండగ, కనుమ అని మూడు రోజులు మన ఆఫీసులు మూసే ఉంటాయి. ఇలాంటి దొంగలకి కావాల్సింది సరిగ్గా అదే. అందుకే ఇప్పుడు రాస్తున్నాను. పాస్‌వర్డులు గట్టిగా పెట్టుకోండి, అప్‌డేట్లు చేసుకోండి లాంటివి చెప్పను, అవి అందరికీ తెలుసు. పదిహేనేళ్లుగా ఐపీ పీబీఎక్స్‌లు, అంటే ఇంటర్నెట్ మీద నడిచే ఆఫీసు ఫోన్ సిస్టమ్‌లు, పెడుతున్నాను. నేను చూసినంతలో ఆఫీసుల్ని ముంచింది ఆ ఒక్క మాటే: ఇప్పటికి.

దొంగ ఎలా వస్తాడు

మిమ్మల్ని వెతుక్కుంటూ ఎవరూ రారు. "మాది చిన్న కంపెనీ, మమ్మల్నెవరు హ్యాక్ చేస్తారు" అనే వాళ్లకి ఇది ముందు చెప్పాలి. ఇంటర్నెట్‌లో ఉన్న ప్రతి ఐపీ అడ్రసునీ, 5060 తెరిచి ఉందా అని ప్రోగ్రాములు రాత్రింబవళ్లు తట్టి చూస్తుంటాయి. కొత్త సర్వర్‌ని బయటికి పెట్టి లాగ్ (ఎవరు తట్టారో రాసే చిట్టా) చూస్తూ కూర్చోండి, టీ తాగి వచ్చేలోపు మొదటి అతిథి వచ్చి ఉంటాడు. చాలాసార్లు వాడి పేరు "ఫ్రెండ్లీ స్కానర్" అనే కనిపిస్తుంది. ఫోన్ సిస్టమ్‌లని వెతికే సిప్‌విషస్ అనే టూల్ మొదటినుంచీ పెట్టుకున్న పేరది. తర్వాత వరసపెట్టి 100, 101, 102 అని ఎక్స్‌టెన్షన్లు అడుగుతాడు. ఒక్కోదానికీ అదే నంబరు పాస్‌వర్డుగా, ఆ తర్వాత 1234, ఆ తర్వాత పెద్ద జాబితా. లాగ్‌లో "రాంగ్ పాస్‌వర్డ్" అని లైను కింద లైను పరుగెడుతూనే ఉంటుంది. అలా పరుగెడుతున్నంతసేపూ మంచిదే. ఆగిందంటేనే కంగారు పడాలి, వాడికి దొరికి ఉండొచ్చు.

దొరకగానే దోచేయడు. విజయవాడ రిపోర్టులో పండగకి ఆరు రోజుల ముందు, తెల్లవారుజామున మూడింటికి వరసగా తొమ్మిది కాల్స్ ఉన్నాయి. ఒకటే విదేశీ నంబరు, ముందు అంకెలు మాత్రం మారుతున్నాయి. ఒకసారి 00, ఒకసారి 900, ఒకసారి 011. బయటి లైను దేనితో తెరుచుకుంటుందో వెతుకుతున్నాడు. ఎనిమిది ఫెయిలయ్యాయి. తొమ్మిదోది కలిసింది, పదకొండు సెకన్లు. అంతే, పెట్టేశాడు. ఆ పదకొండు సెకన్లని ఎవరైనా చూసి ఉంటే నాలుగు లక్షలు మిగిలేవి. ఆఫీసులో ఆ రిపోర్టు ఎక్కడ ఉంటుందో కూడా ఎవరికీ తెలియదు.

డబ్బు ఎటు పోతుంది

వాడికి సోమాలియాలో ఎవరితోనూ మాటల్లేవు. కాల్ వస్తే ఆదాయంలో వాటా ఇచ్చే నంబర్లు అంతర్జాతీయంగా అద్దెకి దొరుకుతాయి. వాడు ముందే అవి తీసుకుని ఉంటాడు, మీ లైను నుంచి తన నంబర్లకి తనే చేసుకుంటాడు. చాలా కాల్స్ ఆ దేశం దాకా చేరవు కూడా, మధ్యలో ఏదో కంపెనీ దగ్గరే ఆగిపోతాయి. మీటరు మాత్రం తిరుగుతుంది. మీ ప్రొవైడర్ అవతలి కంపెనీకి ఆ డబ్బు కట్టాలి, మీరు ప్రొవైడర్‌కి కట్టాలి. కాల్ మీ సిస్టమ్ నుంచే, మీ పాస్‌వర్డుతోనే వెళ్లింది కాబట్టి "మేం చేయలేదు" అన్నా బిల్లు మాఫీ అవదు. బతిమాలితే కొంత తగ్గిస్తారు, అదీ వాళ్ల దయ.

ఇది మన దగ్గరే కాదు. 2014లో అమెరికాలోని జార్జియా రాష్ట్రం, నార్‌క్రాస్‌లో ఏడుగురు పనిచేసే ఆర్కిటెక్ట్ ఆఫీసుకి ఒక్క వారాంతంలో 1,66,000 డాలర్ల బిల్లు పడింది. గాంబియా, సోమాలియా, మాల్దీవులు. అక్కడా ఆఫీసులో మనిషి లేడు. మామూలుగా వాడుకుంటే అంత బిల్లు అవడానికి 34 ఏళ్లు పట్టేదని లెక్కగట్టారు.

బిల్లుతో పోతే ఒక రకం. మీ లైను మీద, మీ నంబరు కనపడేలా జనానికి మోసపు కాల్స్ చేస్తే ఇంకో తలనొప్పి. రిజిస్టర్ చేసుకోకుండా సిప్, పీఆర్ఐ లైన్లతో (ఆఫీసు ఫోన్ సిస్టమ్‌లకి ఇచ్చే లైన్లు) ప్రచార కాల్స్ చేసేవాళ్ల కనెక్షన్లన్నీ కోసి, రెండేళ్ల దాకా బ్లాక్‌లిస్టులో పెట్టమని టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 ఆగస్టు 13న కంపెనీలని ఆదేశించింది. ఆ కాల్స్ మీవి కావని నిరూపించుకుంటూ తిరగాల్సింది మీరే.

"ఇప్పటికి" అనే తెగులు

పోర్టు ఒక్కటే కాదు. "ఇప్పటికి పాస్‌వర్డ్ 1001 పెట్టాను, తర్వాత మార్చుకోండి." "ఇప్పటికి ఐఎస్‌డీ అన్ని ఎక్స్‌టెన్షన్లకీ ఇచ్చేయండి, ఎవరికి కావాలో తర్వాత చూద్దాం." "ఇప్పటికి అడ్మిన్ పేజీ బయటినుంచి తెరుచుకునేలా ఉంచండి, నేను ఇంటినుంచి చూసుకుంటాను." ఈ చివరిది చెప్పేది మా వాళ్లే, వెండర్లే. నేనూ ఒకప్పుడు చెప్పినవాడినే.

సిస్టమ్ సెట్టింగులన్నీ ఉండే ఈ అడ్మిన్ పేజీ సంగతి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే "పాస్‌వర్డ్ ముప్పై అక్షరాలు పెట్టాం" అని ధీమాగా ఉంటారు. 2025 ఆగస్టులో ఫ్రీపీబీఎక్స్ అనే పీబీఎక్స్ సాఫ్ట్‌వేర్‌లో బయటపడ్డ లోపానికి అసలు పాస్‌వర్డే అక్కర్లేదు. పేజీ ఇంటర్నెట్‌కి కనపడితే చాలు, నేరుగా లోపలికి. సరిచేసిన వెర్షన్ వచ్చేలోపే దాడులు మొదలయ్యాయి. రోజూ అప్‌డేట్ చేసుకునేవాడు కూడా ఆ రోజుల్లో దొరికిపోయేవాడే. పేజీని ఆఫీసు నెట్‌వర్క్ దాటనివ్వని వాడికి ఏమీ కాలేదు. అంతకుముందు 2019 నాటి ఇంకో లోపంతో దాదాపు 1,200 సంస్థల ఫోన్ సిస్టమ్స్‌లోకి చొరబడ్డారని సైబర్ భద్రతా కంపెనీ చెక్ పాయింట్ వాళ్లు 2020లో బయటపెట్టారు. అందులోనూ దారి అడ్మిన్ పేజీదే.

కాబట్టి సెలవులకి ముందు ముఖ్యమైన పని ఒకటే. రూటర్ తెరిచి, పోర్ట్ ఫార్వార్డింగ్ పేజీలో ఉన్న ప్రతి లైనునీ "ఇది ఎవరికోసం" అని అడగండి. జవాబు రాని ప్రతిదీ తీసేయండి. 5060 గానీ 5061 గానీ ప్రపంచానికి తెరిచి ఉండకూడదు. ట్రంక్ (ప్రొవైడర్ నుంచి వచ్చే బయటి లైను) కోసం కావాలంటే ప్రొవైడర్ ఇచ్చిన ఐపీలకి మాత్రమే తెరవండి. బయట తిరిగేవాళ్ల సాఫ్ట్‌ఫోన్‌కి వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌లోకి తాళం వేసిన సొరంగం) పెట్టండి. వైర్‌గార్డ్ అనే వీపీఎన్ ఉచితం, అరగంట పని. "వీపీఎన్ ఆన్ చేయడం సార్‌కి రాదండీ" అంటే సార్‌కి నేర్పండి. నాలుగు లక్షలు కట్టడం కంటే సులువే.

5060ని వేరే నంబరుకి మార్చాం, ఎక్కువసార్లు తప్పు పాస్‌వర్డ్ కొట్టిన ఐపీని ఆపేసే ఫెయిల్2బ్యాన్ పెట్టాం అంటారు. రెండూ మంచివే, రొద తగ్గుతుంది. కానీ అవి తాళాలు కావు. ఇప్పుడు దాడి ఒక ఐపీ నుంచి రాదు, వందల ఐపీల నుంచి తీరిగ్గా వస్తుంది, ఒక్కోటీ రెండుసార్లు తట్టి వెళ్లిపోతుంది. ఫెయిల్2బ్యాన్‌కి లెక్క అందదు.

ఇక చేయాల్సినవి

– ఐఎస్‌డీ అక్కర్లేదా? ట్రంక్ దగ్గరే ఆపమని ప్రొవైడర్‌కి మెయిల్ పెట్టండి. మీ పీబీఎక్స్‌లో ఆపితే చాలదు. లోపలికొచ్చినవాడు దాన్ని తెరుచుకుంటాడు, ప్రొవైడర్ దగ్గరున్న తాళం వాడి చేతికందదు.

– కావాలా? దేశాల పేర్లు రాసుకోండి. మీకు కావాల్సింది నాలుగో ఐదో ఉంటాయి, మిగతావన్నీ మూసేయండి. అమెరికా కోసం 1 తెరిస్తే పని అయిపోయిందనుకోకండి, అదే 1 కింద జమైకా 876, డొమినికన్ రిపబ్లిక్ 809, గ్రెనడా 473 లాంటి కరీబియన్ దీవులున్నాయి. వాటిని విడిగా మూయాలి. ఇది వెండర్లే మర్చిపోతారు.

– సాయంత్రం ఏడు తర్వాత, ఆదివారాలు, పండగలు: ఐఎస్‌డీ బంద్.

– ఐఎస్‌డీకి ఒకేసారి రెండు కాల్స్ మించి వెళ్లకుండా పెట్టండి. విజయవాడలో పదికి బదులు రెండే ఉంటే బిల్లు ఎనభై వేల దగ్గర ఆగేది.

– రోజుకింత అని ఖర్చు పరిమితి ప్రొవైడర్ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. ఫోన్లో "పెట్టాం సార్" అంటే నమ్మొద్దు.

– ప్రీపెయిడ్ ట్రంక్ అయితే ఆటో రీచార్జ్ తీసేయండి.

– ఉద్యోగం మానేసినవాళ్ల ఎక్స్‌టెన్షన్లు ఈరోజే డిలీట్.

– వాయిస్‌మెయిల్ పిన్ 1234, 0000, ఎక్స్‌టెన్షన్ నంబరే పిన్: మార్చండి. వాయిస్‌మెయిల్ లోంచి బయటికి కాల్ చేసే సౌకర్యం ఆపండి. డీసా అంటే ఏంటో తెలియకపోతే అది మీకు అక్కర్లేదన్నమాట, ఆపండి.

– బల్ల మీది ఫోన్లకీ వెబ్ పేజీ ఉంటుంది. చాలావాటికి యూజర్‌నేమూ పాస్‌వర్డూ రెండూ అడ్మిన్ అనే ఉంటాయి. మార్చండి.

– సర్వర్‌లో ఎనీడెస్క్ (బయటినుంచి కంప్యూటర్ నడిపే సాఫ్ట్‌వేర్) ఎప్పుడూ ఆన్‌లో ఉందా? ఎవరిది? తీసేయండి. మాదే అయినా తీసేయండి.

– పండగకి రిసెప్షన్ ఫోన్ మొబైల్‌కి ఫార్వర్డ్ చేస్తారు కదా, ఫార్వర్డ్ పది అంకెల మన దేశం నంబర్లకి మాత్రమే వెళ్లేలా కట్టడి చేయండి.

– "ఎక్స్చేంజ్ నుంచి, లైన్ టెస్టింగ్, నన్ను ఫలానా నంబరుకి ట్రాన్స్‌ఫర్ చేయండి" అని ఎవరడిగినా రిసెప్షన్ వాళ్లు పెట్టేయాలి. మర్యాద అక్కర్లేదు.

– మా పీబీఎక్స్ ఆఫీసులో లేదు, క్లౌడ్‌లో ఉంది అంటారా? పై జాబితాలో సగం మీకూ వర్తిస్తుంది. పోర్టల్‌కి రెండో స్టెప్ వెరిఫికేషన్ పెట్టండి, ఎంతమందికి అడ్మిన్ లాగిన్ ఉందో లెక్కపెట్టండి.

– ఇప్పటికి అని ఏదీ తెరవొద్దు. తప్పదంటే మూసే తేదీ ఫోన్‌లో రిమైండర్ పెట్టాకే తెరవండి.

– సెలవుల్లో రోజుకి రెండుసార్లు కాల్ రిపోర్టు చూడాలి. ఎవరు చూడాలో పేరు రాయండి, "అందరం చూద్దాం" అంటే ఎవరూ చూడరు. తెల్లవారుజామున పది పదిహేను సెకన్ల విదేశీ కాల్ ఒక్కటి కనపడినా పండగ పక్కన పెట్టి ఫోన్ చేయాలి.

– జరిగిపోయిందా? ముందు పీబీఎక్స్ నుంచి ఇంటర్నెట్ కేబుల్ పీకండి. ప్రొవైడర్‌కి ఫోన్ చేసి ట్రంక్ ఆపించండి, మెయిల్ కూడా పెట్టండి, టైము తేలాలి.

– సర్వర్ ఫార్మాట్ కొట్టొద్దు. కంగారులో అందరూ చేసేది అదే, సాక్ష్యం మొత్తం పోతుంది. ఫార్మాట్ కొట్టొద్దు. లాగ్‌లు పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి. అసలు 180 రోజుల లాగ్‌లు ఉంచాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాల్లోనే ఉంది, ఆరు గంటల్లో తమకి తెలియజేయాలని కూడా.

– సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి. ఫిర్యాదు నంబరు లేకుండా ప్రొవైడర్‌తో బేరానికి కూర్చోకండి.

ఇది రాస్తున్న వారంలోనే గుంటూరులో ఒక ఆఫీసుకి వెళ్లాను, వేరే పని మీద. రూటర్ తెరిస్తే 5060 ప్రపంచానికి తెరిచి ఉంది. ఆ రూల్ పేరు "టెంప్", తేదీ 2022 జూన్. తీసేస్తుంటే అక్కడి అకౌంటెంట్ భయపడింది. "తీసేస్తే ఎవరికైనా కాల్స్ ఆగిపోతాయేమో సార్?" అంది. ఆగిపోతే ఆగినవాళ్లే ఫోన్ చేస్తారమ్మా అని నా నంబరు రాసిచ్చి వచ్చాను. ఐదు రోజులైంది. ఎవరూ చేయలేదు.