రాతి గుట్ట ఎక్కి క్షేమంగా దిగడం ఎలా?

చలికాలం మొదలవగానే దోస్తులంతా కలిసి పాండవుల గుట్టకో, రామగిరి ఖిల్లాకో బయల్దేరడం మన దగ్గర మామూలైపోయింది. మంచిదే. కానీ ఎక్కేటప్పుడు ఉన్న జాగ్రత్త దిగేటప్పుడు చాలామందిలో కనిపించదు. పైన నాలుగు ఫొటోలు దిగగానే పని అయిపోయిందనుకుంటారు. ఆ తర్వాత ఉరుకుతూ దిగేవాళ్లు కొందరు, బండ మీద కూర్చుని జారేవాళ్లు కొందరు, ఒక చేత్తో ఫోన్ పట్టుకుని స్కోరు చూసుకుంటూ దిగేవాళ్లు ఇంకొందరు. చీలమండ మడతపడేది, మోచేతులు గీరుకుపోయేది అప్పుడే. అందుకే సామాన్ల గురించీ ఎక్కడం గురించీ తొందరగా ముగించి, దిగడం గురించి వివరంగా చెబుతాను.

ఏ గుట్ట, ఏ రోజు

నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకానే పోవాలి. మార్చి దాటితే బండ కాలుతుంది, వానాకాలంలో జారుతుంది. కొత్తవాళ్లు ముందు ఖిల్లా వరంగల్‌లో ఏకశిల గుట్ట మీదో, మడికొండ మెట్టుగుట్ట మీదో కాళ్లకు అలవాటు చేసుకోండి. పాండవుల గుట్ట ఆ తర్వాత. హనుమకొండ నుంచి పరకాల మీదుగా రేగొండ వైపు వెళ్లి, రావులపల్లి దారి పట్టాలి. సుమారు 50 కిలోమీటర్లు. అది అడవి జాగా కాబట్టి కింద అటవీ శాఖ సిబ్బందిని అడిగి, వాళ్లు చూపిన దారిలోనే ఎక్కండి.

ఇక మ్యాచ్ సంగతి. క్రికెట్, కబడ్డీ రెండూ వదలని మనిషిగా చెబుతున్నాను: టెస్టు మ్యాచ్ ఐదో రోజున గుట్టకు పోవద్దు. మన దేశంలో టెస్టు మామూలుగా ఉదయం 9:30కు మొదలవుతుంది. ఆట రసపట్టులో పడేది టీ తర్వాత, మీరు దిగేదీ దాదాపు అదే వేళకు. మనసు అక్కడుంటే కాలు ఇక్కడ నిలవదు. మొదటి రోజో, రెండో రోజో అయితే పోవచ్చు. కబడ్డీ లీగ్ ఆటలు రాత్రివి కాబట్టి వాటితో ఇబ్బంది లేదు, పొద్దున్నే పోయి వేళకు ఇల్లు చేరవచ్చు.

సామాన్లు

మనిషికి రెండున్నర లీటర్ల నీళ్లు, రెండు ఓఆర్ఎస్ పొట్లాలు, చిన్న టార్చి, గాయానికి కట్టు. అడుగు అరగని పాత బూట్లు వేసుకోండి, కొత్త బూట్లకు గుట్ట మీద ముహూర్తం పెట్టొద్దు. కాలిగోళ్లు ముందురోజే కత్తిరించుకోండి. సద్దికి సర్వపిండిని మించింది లేదు. బియ్యప్పిండి, పల్లీలు, నువ్వులు, శనగపప్పు కలిసినది కాబట్టి కడుపులో నిలుస్తుంది, చల్లారినా రుచి తగ్గదు. బిర్యానీ పొట్లాలు మోసుకొచ్చేవాళ్లను చూస్తుంటాను. అది తిన్నాక నిద్ర వస్తుంది, నిద్రమత్తుతో బండ దిగకూడదు.

సెంటు కొట్టుకోవద్దు, స్పీకర్ తేవద్దు, పైన సిగరెట్ వెలిగించొద్దు. నిట్టనిలువు బండల కిందనే కొండ తేనెటీగలు పెద్ద పట్లు పెడతాయి. ఘాటు వాసన, పొగ, మోత వాటికి పడవు. ఒకసారి లేచాయంటే మందలో ఎవరినీ వదలవు.

పాటలకు జాగా కారు

గుట్ట మీద పాటలు వద్దు గానీ, దారిలో తప్పకుండా కావాలి. ట్రిప్పుకు ఒకటే ఆల్బమ్. ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకుని మొదటి పాట నుంచి చివరి పాట దాకా, వరుస మార్చకుండా వినాలి. ఇప్పుడు సినిమా పాటలను లిరికల్ వీడియోలుగా ఒక్కొక్కటే నెలల తరబడి వదులుతున్నారు. రెండు హిట్టయితే మనం ఆ రెండే తిప్పి తిప్పి వింటాం, మిగతా మూడు ఎట్లున్నాయో సినిమా థియేటర్ల నుంచి వెళ్లిపోయాక కూడా తెలియదు. జ్యూక్‌బాక్స్ మొత్తం ఒక్క బిగిన వింటే ఆ మూడింట్లోనే అసలు పాట దొరికిన సందర్భాలు నాకు చాలా ఉన్నాయి. బతుకమ్మ సీజన్‌లో ఫోక్ పాటలు ఎక్కువగా విడివిడిగానే వస్తాయి కాబట్టి, ఒక ఛానెల్‌లో ఆ ఏడాది వచ్చినవన్నీ కలిపి ఒక ఆల్బమ్‌గా లెక్కపెట్టుకోండి.

ఏడాది పొడవునా బాగున్నాయనిపించిన ఆల్బమ్‌ల పేర్లు రాసిపెట్టుకుని, చలికాలం ట్రిప్పులకు ఒక్కొక్కటి తీయండి. పోయేటప్పుడు విన్నదే తిరిగి వచ్చేటప్పుడూ వినాలి. పొద్దున హుషారులో అన్నీ బాగుంటాయి. సాయంత్రం ఒళ్లు హూనమై, చొక్కా వీపుకు అంటుకున్నప్పుడు కూడా ఆపాలనిపించనిదే ఆ ఏడాది జాబితాకు ఎక్కాలి. డిసెంబర్ 31న కూర్చుని గుర్తుతెచ్చుకుంటూ రాసే జాబితాల్లో ఆఖరి రెండు నెలల పాటలే కనిపిస్తాయి. అట్లాంటి జాబితాను నేను నమ్మను.

ఎక్కడం

మబ్బుల లేచి బయల్దేరి, ఏడున్నరకల్లా గుట్ట కింద ఉండండి. పక్కవాళ్లతో మాట్లాడగలిగినంత వేగంతో ఎక్కండి. మాట తెగిపోతుంటే ఆగండి. పాండవుల గుట్ట మీద ఎదురు పాండవుల గుహ లాంటి చోట్ల చరిత్రకు ముందటి మనుషులు ఎర్ర రంగుతో వేసిన బొమ్మలున్నాయి. ఫొటోలో బాగా పడాలని వాటి మీద నీళ్లు చల్లేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయొద్దు, వేలితో ముట్టుకోవద్దు కూడా. వేల ఏళ్లు నిలిచిన రంగు మన చేతుల్లో పోకూడదు.

ఎక్కేటప్పుడు తప్పనిసరిగా చేయాల్సింది ఒకటుంది. ప్రతి మలుపు దగ్గర వెనక్కి తిరిగి చూడండి. దిగేటప్పుడు దారి అట్లానే కనిపిస్తుంది, ఎక్కేటప్పుడు కనిపించినట్టు ఉండదు. పక్కన ఒక వంకర చెట్టునో, చీలిన గుండునో గుర్తుపెట్టుకోండి. ఎక్కగలం గానీ దిగలేమేమో అనిపించిన బండను అసలు ఎక్కొద్దు.

దిగడం

ఫొటోలు దిగిన వెంటనే దిగడం మొదలుపెట్టొద్దు. ఇరవై నిమిషాలు నీడలో కూర్చుని, తిని, నీళ్లు తాగండి. డిసెంబర్‌లో అయిదున్నర దాటగానే పొద్దుగూకుతుంది. ఎంత ఆలస్యమైనా మూడింటికి మొదటి అడుగు కిందికి పడాలి.

లేచే ముందు లేసులు మొత్తం విప్పి మళ్లీ కట్టండి. మడమను బూటు వెనక్కి గట్టిగా ఆనించి, చీలమండ దగ్గర బిగించాలి, వేళ్ల దగ్గర కొంచెం వదులుండాలి. అట్లా కట్టకపోతే దిగేటప్పుడు పాదం ముందుకు జారి వేళ్లు బూటు కొనకు గుద్దుకుంటాయి. బొటనవేలి గోరు నల్లబడటానికి కారణం ఇదే.

తర్వాత కాలి కింది రాయిని చూడండి. వరంగల్, హనుమకొండ చుట్టూ ఉన్నది గ్రానైటు. ఎండినప్పుడు పట్టు బాగుంటుంది. కానీ వాన నీళ్లు పారిన చోట నల్లటి చారలుంటాయి. అవి ఎండిన పాచి. మంచుకో చెమ్మకో తడిస్తే సబ్బులాగే ఉంటాయి, వాటి మీద అడుగు వేయొద్దు. పెచ్చులు లేచిన చోట ముందు మడమతో తట్టి చూడండి, డొల్ల చప్పుడు వస్తే పక్కకు పోవాలి. పాండవుల గుట్టది ఇసుకరాయి. అది రేణువులుగా రాలుతుంటుంది. పరుపుబండ మీద ఆ ఇసుక పలచగా పరుచుకుని ఉంటే కంటికి ఆనదు. అట్లాంటి చోట బూటుతో పక్కకు ఊడ్చి, ఆ తర్వాతే బరువు వేయాలి. ఇసుకరాయి తడిస్తే బలం తగ్గుతుంది, అంచులు చేతిలోకి ఊడి వస్తాయి. ముందురోజు వాన పడితే ట్రిప్పు మానుకోండి.

ఇక నిలబడే తీరు. భయం వేస్తే ఒళ్లు దానంతటదే వెనక్కి, బండ వైపు వాలుతుంది. జారేది దానివల్లే. వెనక్కి వాలగానే బరువంతా మడమ అంచు మీదికి పోయి అరికాలు లేస్తుంది, రాయికీ బూటుకీ మధ్య పట్టు పోతుంది. మోకాళ్లు కొంచెం వంచి, నడుము ముందుకు తెచ్చి, ముక్కు బొటనవేలికి సరిగ్గా పైన ఉండేలా నిలబడండి. అరికాలు మొత్తం బండకు ఆనాలి. అడుగు మీ పాదం అంత పొడవు ఉంటే చాలు. ముందు కాలు నిలిచిందని తెలిశాకే వెనక కాలు లేపాలి. ముందుకు వంగితే పడిపోతామేమో అనిపిస్తుంది. ఒక్కసారి తక్కువ వాలు మీద చేసి చూస్తే ఆ అనుమానం పోతుంది.

వాలు పెరిగితే పక్కకు తిరిగి, అడ్డంగా అడుగులేస్తూ దిగండి. మోకాలి కంటే ఎత్తైన మెట్టు వస్తే పూర్తిగా తిరిగి, ముఖం రాయి వైపు పెట్టి, నిచ్చెన దిగినట్టు దిగాలి. చేతులతో అంచు పట్టుకునే ముందు ఆ సందులోకి చూడండి. పాములూ తేళ్లూ ఎండకు అట్లాంటి సొరికెల్లోనే ఉంటాయి.

కూర్చుని జారడం మాత్రం వద్దు. అది క్షేమమని చాలామంది అనుకుంటారు. కూర్చుంటే బూట్ల పట్టు పోతుంది, జారడం మొదలయ్యాక ఆపేందుకు అరచేతులు తప్ప ఏమీ మిగలవు. కర్రల విషయంలోనూ నా మాట ఇదే. మట్టి దారిలో కర్ర మంచిదే గానీ, నున్నటి బండ మీద దాని కొన నిలవదు. బండ రాగానే కర్రను సంచికి కట్టేయండి.

మట్టిలో రాళ్లు కలిసిన చోట నిటారుగా దిగొద్దు, వంకర్లు తిరుగుతూ దిగండి. మనిషికీ మనిషికీ మధ్య కనీసం నాలుగు గజాలు వదలాలి, ఒకరికి సరిగ్గా కింద ఇంకొకరు ఉండకూడదు. రాయి కదిలిందా, "రాయీ!" అని గట్టిగా అరవండి. ఆ ఒక్కసారికి తేనెటీగల గురించి ఆలోచించొద్దు.

గుంపులో ఎవరో ఒకరు బండ మధ్యలో బిగుసుకుపోతారు. అప్పుడు పైనుంచి చెయ్యి పట్టి లాగడం, "ఏం కాదు దూకు" అనడం రెండూ ప్రమాదమే. దారి తెలిసినవాళ్లు ఆ మనిషికి పక్కగా, ఒక అడుగు కింద నిలబడాలి. కింద లోయ చూపించొద్దు. "కుడి కాలు ఈ గుంట మీద పెట్టు" అని వేలితో తట్టి చూపించండి. ఆ కాలు నిలిచాకే తర్వాతి మాట చెప్పండి. నిమిషాలు పట్టినా తొందరపెట్టొద్దు.

ఫోన్ సంచిలో, జిప్పు వేసి ఉండాలి. స్కోరు చూడాలనిపిస్తే అందరూ ఆగి, వెడల్పాటి చోట నిలబడి చూసి, మళ్లీ లోపల పెట్టేయండి. ఎవరికైనా దెబ్బ తగిలి బరువు ఆనలేకపోతే నడిపించొద్దు. కట్టు వేసి, కదలకుండా కూర్చోబెట్టి, 108కి ఫోన్ చేయండి. సిగ్నల్ లేకపోతే ఇద్దరు కిందికి పోవాలి, ఒకరు తోడుండాలి.

కింద చేరాక

బూట్లు విప్పి, గోడకు ఒక చెయ్యి ఆనించి తొడలు సాగదీయండి. దిగేటప్పుడు తొడ ముందు కండరాలు సాగుతూనే బరువు ఆపుతాయి కాబట్టి ఎక్కినదాని కంటే దిగినదానికే ఎక్కువ దెబ్బతింటాయి. నొప్పి ఆ రాత్రి పెద్దగా తెలియదు. మర్నాడు, ఆ మర్నాడు మెట్లు దిగేటప్పుడు తెలుస్తుంది. మెల్లగా నడుస్తూ ఉంటే నాలుగైదు రోజుల్లో పోతుంది. నొప్పి తొడల్లో కాకుండా మోకాలి లోపల ఉన్నా, మోకాలు వాచినా ఆగకుండా డాక్టరుకు చూపించండి. అది తగ్గేదాకా ఇంకో గుట్ట ముచ్చట ఎత్తొద్దు.