పుస్తకాల బ్లాగుకు పాఠకులు రావడం లేదా? ముందు మీ లింకు మీరే నొక్కి చూడండి

"నా బ్లాగు ఎవరూ చూడటం లేదండీ" అని వచ్చేవాళ్ళు కారణం కూడా వాళ్ళే చెప్పేస్తారు. జనం చదవడం మానేశారట, అందరూ వీడియోలకు అలవాటు పడ్డారట, గూగుల్ చిన్న బ్లాగుల్ని పట్టించుకోవడం లేదట. ఇవన్నీ విన్నాక నేను అడిగేది ఒక్కటే. మీ టపాని లాగిన్ కాకుండా, ప్రైవేట్ విండోలో గానీ ఇంకొకరి ఫోన్‌లో గానీ ఎప్పుడైనా తెరిచి చూశారా? దాదాపు అందరూ చెప్పే జవాబు "లేదు" అనే. ఆ రెండు నిమిషాల పని చేయకుండా థీమ్ మార్చినవాళ్ళనీ, సొంత డొమైన్ కొన్నవాళ్ళనీ, ఏకంగా బ్లాగే మూసేసినవాళ్ళనీ చూశాను.

టపా రాయడం, బొమ్మ చేర్చడం, లేబుల్ పెట్టడం మీకు వచ్చనుకునే రాస్తున్నాను. బ్లాగర్, వర్డ్‌ప్రెస్ రెండింటికీ చెబుతాను, ఎందుకంటే నేను ఎక్కువగా బాగుచేసింది ఆ రెండే.

లక్షణం: గూగుల్‌లో ఎంత వెతికినా బ్లాగు కనబడదు

గూగుల్ పెట్టెలో "సైట్" అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా మీ బ్లాగు చిరునామా ఇవ్వండి. ఒక్క ఫలితం కూడా రాకపోతే మీ బ్లాగే గూగుల్‌ని రావద్దంటోందేమో చూడాలి. వర్డ్‌ప్రెస్‌లో సెట్టింగ్స్, దాని కింద రీడింగ్. అక్కడ సెర్చ్ ఇంజిన్లను నిరుత్సాహపరిచే గడి ఒకటుంటుంది. "అంతా సర్దాక తెరుద్దాం" అనుకుని మొదటిరోజు టిక్ పెట్టి ఉంటారు, తర్వాత మరిచిపోయి ఉంటారు. బ్లాగర్‌లోనైతే సెట్టింగ్స్‌లో ప్రైవసీ అనే భాగంలో, సెర్చ్ ఇంజిన్లకు కనిపించాలా వద్దా అనే మీట ఉంటుంది.

ఇక్కడ పాత సలహా ఒకటి ఇంకా తిరుగుతోంది: సెర్చ్ ఇంజిన్లు ఏవి చూడకూడదో చెప్పే రోబోట్స్ టెక్స్ట్ ఫైలు తెరిచి చూడమని. వర్డ్‌ప్రెస్ 5.3 నుంచి, అంటే 2019 నవంబరు నుంచి, ఆ గడి టిక్ చేస్తే నిషేధం ఆ ఫైలులో పడదు. పేజీ వెనక ఉండే కోడ్‌లో, అంటే పేజీ సోర్స్‌లో, "నోఇండెక్స్" అనే ట్యాగ్‌గా చేరుతుంది. ఫైలు శుభ్రంగా ఉందని తేల్చుకుని వారాల తరబడి వేరేచోట వెతికినవాళ్ళు ఉన్నారు. పేజీ సోర్స్ తెరిచి ఆ మాట ఉందో లేదో చూడండి.

కొన్ని టపాలు కనబడి, కొన్ని కనబడకపోతే, గూగుల్ సైటు యజమానులకిచ్చే సెర్చ్ కన్సోల్‌లో ఆ టపా చిరునామా ఇచ్చి తనిఖీ చేయండి. ఇండెక్స్ చేయమని, అంటే గూగుల్ తన జాబితాలో చేర్చుకోమని, ఒకసారి అడిగితే చాలు. రోజూ అడిగినంత మాత్రాన వరుసలో ముందుకు జరగరు.

అన్నీ ఇండెక్స్ అయ్యాయి, అయినా ఎవరూ రావడం లేదంటే శీర్షికలు చూడండి. సమీక్షకు "తడిసిన ఒక సాయంత్రం" అని పేరు పెట్టి, పుస్తకం పేరు నాలుగో పేరాలో, రచయిత పేరు అట్ట ఫొటోలో మాత్రమే ఉంటే, ఆ పుస్తకం కోసం వెతికే మనిషి మీ దగ్గరికి ఎలా వస్తాడు? పుస్తకం పేరు, రచయిత పేరు శీర్షికలోనో మొదటి రెండు వాక్యాల్లోనో ఉండాలి. తెలుగు పుస్తకాల పేర్లను చాలామంది ఇంగ్లిష్ అక్షరాల్లోనే వెతుకుతారు కాబట్టి, టపా చివర వివరాలు ఇచ్చేచోట అలా కూడా ఒకసారి రాయండి. కవిత్వం ఉపశీర్షికలో పెట్టుకోవచ్చు.

లక్షణం: లింకు పంపితే వేరే టపా తెరుచుకుంటోంది, లేదా పేజీ లేదంటోంది

నన్ను బాగా ఏడిపించింది ఇదే.

ఒక రచయిత నవలల మీద ఐదు భాగాలుగా రాశాను. శీర్షికలన్నీ "పుస్తక పరిచయం" అనే మొదలవుతాయి, తర్వాత రచయిత పేరు, చివర ఎన్నో భాగమో. నాలుగో భాగం పంపినప్పుడు ఒక మిత్రుడు "మళ్ళీ మొదటి భాగమే పంపావేంటి?" అన్నాడు. నువ్వే ఏదో తప్పు నొక్కి ఉంటావన్నాను. గణాంకాలు చూస్తే మొదటి భాగానికి బోలెడన్ని వీక్షణలు, మిగతా వాటికి అరకొరగా ఉన్నాయి. మొదట ఆసక్తిగా చదివి తర్వాత విసుగెత్తి మానేశారనుకున్నాను. ఐదో భాగం వేయకుండా చాలాకాలం పక్కన పడేశాను కూడా. నిజానికి నేను పంపిన లింకులు చాలామందిని మొదటి భాగానికే తీసుకెళ్తున్నాయి. నా బ్రౌజర్‌లో మాత్రం అన్నీ సరిగ్గానే తెరుచుకునేవి, ఎందుకంటే నేను ఎప్పుడూ బ్లాగు లోపలి నుంచే నొక్కేవాణ్ణి.

జరిగేది ఇది. కంప్యూటర్లు అక్షరాల్ని దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక తెలుగు గుర్తుకు 3 బైట్లు కావాలి. వెబ్ చిరునామాలో ఒక్కో బైటు శాతం గుర్తుతో కలిపి 3 అక్షరాలుగా మారుతుంది. అంటే ఒక తెలుగు గుర్తుకు చిరునామాలో 9 స్థానాలు. గుర్తు అంటే మనం పలికే అక్షరం కాదు సుమా. "పుస్తక" అనేది మనకు మూడక్షరాలే, కంప్యూటర్‌కు మాత్రం ప, కొమ్ము, స, పొల్లు, త, క కలిపి ఆరు. అంటే 54 స్థానాలు. "పరిచయం" ఇంకో ఆరు గుర్తులు, మరో 54. మధ్య గీత ఒకటి. మొత్తం 109.

వర్డ్‌ప్రెస్ టపా చిరునామాలో శీర్షిక నుంచి తీసుకునే భాగాన్ని, అంటే స్లగ్‌ని, 200 స్థానాల దగ్గర కత్తిరిస్తుంది. ఏ పుస్తకం గురించైనా చెప్పకముందే సగానికి పైగా "పుస్తక పరిచయం" మింగేసింది. మిగిలినచోట పది గుర్తులకు మించి పట్టవు. రచయిత పేరు పూర్తయ్యేలోపే కత్తెర పడుతుంది, "4వ భాగం" అనేది చిరునామా దాకా రానే రాదు. ఐదు టపాలకూ ఒకటే స్లగ్ తయారవుతుంది కాబట్టి వాటిని విడదీయడానికి వర్డ్‌ప్రెస్ చివర 2, 3, 4, 5 అని అంకెలు తగిలిస్తుంది.

ఇంతవరకూ ప్రమాదం లేదు. ఆ పొడవాటి లింకును మెసేజ్‌లో పంపినప్పుడు మొదలవుతుంది గొడవ. కొన్ని యాప్‌లలో లింకుగా నీలంరంగులోకి మారే భాగం మధ్యలోనే ఆగిపోతుంది. కొన్నిసార్లు కాపీ చేసేవాళ్ళే చివర వదిలేస్తారు. అలా తోక తెగిన చిరునామా వచ్చినప్పుడు వర్డ్‌ప్రెస్ ఊరికే "పేజీ లేదు" అనదు. ఆ అక్షరాలతో మొదలయ్యే టపా ఇంకేదైనా ఉందా అని వెతికి, దొరికినదానికి మళ్ళిస్తుంది. మామూలుగా దొరికేది పాత టపా. సాయం చేద్దామనే దాని ఉద్దేశం. కానీ మీ శీర్షికలన్నీ ఒకే మాటతో మొదలైతే ఆ సాయం పాఠకుణ్ణి ఎక్కడికో తీసుకెళ్ళి దింపుతుంది. తెగిన చోటును బట్టి ఒకరికి వేరే సమీక్ష వస్తుంది, ఇంకొకరికి పేజీ లేదని వస్తుంది. వేరే టపా తెరుచుకున్నవాళ్ళకు ఎర్రర్ కనబడదు కాబట్టి ఫిర్యాదు చేయరు. మీరే పొరపాటున తప్పు లింకు ఇచ్చారనుకుని ఊరుకుంటారు.

మీకూ ఇదే జరుగుతోందా అని తేల్చుకోవడం తేలిక. టపా లింకును మీకు మీరే మెసేజ్‌గా పంపుకుని, ఫోన్‌లో ప్రైవేట్ విండోలో తెరవండి. తెరుచుకున్నాక శీర్షిక చూడండి. తర్వాత టపాల జాబితాలో క్విక్ ఎడిట్ నొక్కి స్లగ్‌లు వరసగా చూడండి. ఒకే ముఖంతో, చివర అంకె మాత్రమే తేడాగా ఉన్నవి కనబడితే దొంగ దొరికినట్టే.

బాగుచేయడం: ప్రచురించకముందే స్లగ్‌ని చేత్తో రాయండి, ఇంగ్లిష్ అక్షరాల్లో, పుస్తకం పేరు, రచయిత పేరు, అవసరమైతే భాగం సంఖ్య. మూడు నాలుగు మాటలు చాలు. శీర్షిక తెలుగులోనే ఉంచండి, దానికీ దీనికీ పోటీ లేదు. చిరునామా కూడా తెలుగులోనే ఉండాలని పట్టుబట్టేవాళ్ళు నాకు తెలుసు, నేనూ ఒకప్పుడు అలాగే ఉన్నాను. బ్రౌజర్‌లో అందంగా ఉంటుంది, నిజమే. మెసేజ్‌లో పడ్డాక మిగిలేది శాతం గుర్తుల చాంతాడు.

ఇప్పటికే ప్రచురించినవాటిలో గుద్దుకుంటున్న స్లగ్‌లు మాత్రమే మార్చండి. వర్డ్‌ప్రెస్ టపాల పాత స్లగ్‌ని గుర్తుపెట్టుకుని కొత్తదానికి మళ్ళిస్తుంది, కాబట్టి భయం లేదు. "పేజీ"లకు మాత్రం ఆ గుర్తు ఉండదు. మీ గురించి, పుస్తకాల పట్టిక లాంటి పేజీల చిరునామా మారిస్తే పాత లింకు చచ్చిపోతుంది.

బ్లాగర్‌లో రోగం వేరే రూపంలో ఉంటుంది. శీర్షిక పూర్తిగా తెలుగులో ఉంటే బ్లాగర్‌కు చిరునామాలో పెట్టుకోవడానికి ఏమీ మిగలదు. అందుకే ఇంగ్లిష్‌లో "బ్లాగ్ పోస్ట్" అని, దాని పక్కన ఏదో అంకె పెట్టుకుంటుంది. "2023లో చదివినవి" అంటే ఉత్త 2023 మిగులుతుంది. లింకు తెగదు గానీ, చూసినవాడికి అందులో ఏముందో తెలియదు. ప్రచురించేముందు కుడిపక్క పర్మలింక్ (టపా చిరునామా) దగ్గర కస్టమ్ ఎంచుకుని రాయండి. ప్రచురించాక అది తాళం పడిపోతుంది. మార్చాలంటే టపాని డ్రాఫ్ట్‌గా వెనక్కి తీసుకుని, మార్చి, మళ్ళీ వేయాలి, తర్వాత పాత చిరునామాని కొత్తదానికి మళ్ళించే కస్టమ్ రీడైరెక్ట్‌ని సెట్టింగ్స్‌లో పెట్టాలి. రీడైరెక్ట్ మరిస్తే అప్పటిదాకా పంచుకున్న లింకులన్నీ పోతాయి. పాత బ్లాగర్ టపాలు పనిచేస్తుంటే వాటి జోలికి వెళ్ళకండి. కొత్తవాటితో మొదలుపెట్టండి.

లక్షణం: మీకు తెలుగు, ఇతరులకు పిచ్చిగీతలు

అను ఫాంట్లలో టైపు చేసి అతికించారు. మీ కంప్యూటర్‌లో ఆ ఫాంటు ఉంది, పాఠకుడి దగ్గర లేదు. పైగా గూగుల్‌కు అది తెలుగే కాదు. అన్ని కంప్యూటర్లూ, ఫోన్లూ తెలుగుగా గుర్తించే యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, వాడండి. మార్చాక ఒత్తులు, అంకెలు, కొటేషన్ గుర్తులు కళ్ళతో చదివి సరిచూసుకోండి. కన్వర్టర్‌ని నమ్మి వదిలేయకండి. పుస్తకంలోని పేరాను ఫొటోగా పెట్టేవాళ్ళకూ ఇదే మాట: బొమ్మలో ఉన్న వాక్యంతో వెతికితే మీ టపా దొరుకుతుందని ఆశపెట్టుకోవద్దు. ముఖ్యమైన రెండు వాక్యాలు టైపు చేయండి.

లక్షణం: లింకు పంపితే అట్ట బొమ్మ రావడం లేదు, పేజీ నత్తలా తెరుచుకుంటోంది

రెండింటికీ తరచు కారణం ఒకటే, ఫోన్‌తో తీసిన నాలుగైదు ఎంబీల ఫొటోని అలాగే ఎక్కించడం. వెడల్పు 1200 పిక్సెళ్ళకు కుదించి జేపెగ్‌గా పెడితే చాలు. బొమ్మ మార్చినా పాతదే వస్తుంటే అది యాప్ దాచుకున్న పాత కాపీ. కొన్నాళ్ళకు అదే పోతుంది.

లక్షణం: వస్తున్నారు, ఒక్కటి చదివి వెళ్ళిపోతున్నారు

లేబుళ్ళ జాబితా తెరవండి. "కథలు", "కథా సంపుటి", "కథా సంకలనం" మూడూ వేరువేరుగా, ఒక్కోదాని కింద రెండేసి టపాలతో ఉంటాయని నా అనుమానం. "థ్రిల్లర్" రెండుసార్లు కనబడితే ఆశ్చర్యపోకండి. కొన్ని కీబోర్డులు పొల్లు తర్వాత కంటికి కనబడని గుర్తు ఒకటి చేరుస్తాయి. మనకు రెండూ ఒకేలా కనిపిస్తాయి, యంత్రానికి మాత్రం వేరు. ఒకదాన్ని తీసేసి, మళ్ళీ టైపు చేయకుండా జాబితాలోంచే ఎంచుకోండి.

అంతకన్నా పనికొచ్చేది పుస్తకాల పట్టిక. రచయితల పేర్ల వరసలో, ఇప్పటిదాకా రాసినవన్నీ ఒకే పేజీలో, ప్రతిదానికీ లింకుతో. ఒక పూట పని. సైడ్‌బార్‌లో పెట్టే నెలలవారీ భాండాగారం పాఠకుడికి ఎందుకూ కొరగాదు. ఫలానా సమీక్ష మీరు ఏ నెలలో రాశారో అతనికెందుకు? టపా చివర కూడా దానికి దగ్గరి పుస్తకాలవి రెండు లింకులు ఇవ్వండి. మూడో నాలుగో కాదు, రెండే. పట్టిక తయారుచేసేటప్పుడు ప్రతి లింకూ ప్రైవేట్ విండోలో ఒకసారి నొక్కండి. పైన చెప్పిన దొంగ అప్పుడే బయటపడతాడు.

ఇక మిగతావి

బ్లాగును ఎవరో హ్యాక్ చేశారు, గూగుల్ శిక్ష వేసింది, సైట్‌మ్యాప్ (గూగుల్ కోసం ఉండే పేజీల జాబితా) పాడైంది: ఇవి జరగవని కాదు, మీకు జరిగి ఉండే అవకాశం తక్కువ. సెర్చ్ కన్సోల్‌లో భద్రతా సమస్యలు, మాన్యువల్ చర్యలు అనే రెండు పేజీలు ఖాళీగా ఉంటే ఆ ఆలోచన వదిలేయండి. సొంత డొమైన్ ఉన్నవాళ్ళు దాని గడువు తేదీ ఒకసారి చూసుకోండి, రిమైండర్ వెళ్ళే మెయిల్ మీరు ఇప్పటికీ తెరిచేదేనా అన్నది కూడా.