సెలవులకి ఓర్లాండో వెళ్తున్నారా? ఒక పొద్దున్న మనాటీలకి ఉంచండి

క్రిస్మస్ సెలవుల్లో అమెరికాలోని మనవాళ్ళు చాలామంది డిస్నీ క్యూల్లోనే ఉంటారు. అక్కణ్ణుంచి ఓ గంట డ్రైవ్ చేస్తే ఆరెంజ్ సిటీలో బ్లూ స్ప్రింగ్ స్టేట్ పార్కు వస్తుంది. మనాటీలంటే సముద్రపు ఆవులు, నీళ్ళలోనే ఉంటూ గడ్డి మేసే పెద్ద జంతువులు. ఫ్లోరిడాలో వాటిని చూడాలంటే నా ఓటు ఈ పార్కుకే.

బాగా చలిగా ఉన్న రోజే ఎంచుకోండి, పిల్లలు గొణిగినా సరే. పెద్ద మనాటీ మూడు మీటర్ల పొడవు, అర టన్ను బరువు ఉంటుంది కానీ చర్మం కింద కొవ్వు తక్కువ, ఒంట్లో వేడి పుట్టడమూ తక్కువే, అందుకే నీళ్ళు 20 డిగ్రీల కంటే చల్లబడి కొన్నాళ్ళు అలాగే ఉంటే జబ్బుపడి చచ్చిపోతుంది కూడా. పార్కులోని ఊటనీళ్ళు ఏడాది పొడవునా 22 డిగ్రీల దగ్గరే ఉంటాయి కాబట్టి పక్కనున్న సెయింట్ జాన్స్ నది చల్లబడగానే అన్నీ ఇక్కడికి చేరతాయి. 2024 జనవరిలో ఒక్క రోజే 932 లెక్కకొచ్చాయి. ఎండెక్కితే మేతకి నదిలోకి వెళ్ళిపోతాయి, పైగా పార్కింగ్ నిండితే గేటు మూసేస్తారు, కాబట్టి గేటు తెరిచే టైముకే అక్కడుండండి.

చలికాలంలో నీళ్ళలోకి దిగనివ్వరు, ఒడ్డున చెక్కబాట మీంచే చూడాలి. పోలరైజ్డ్ కళ్ళద్దాలు పెట్టుకుంటే నీటి మెరుపు తగ్గి అడుగుదాకా కనిపిస్తుంది. ఒకదాన్నే పట్టుకుని చూస్తూ ఉండండి. కదులుతుంటే మూడు నుంచి ఐదు నిమిషాలకోసారి ముక్కు పైకి వస్తుంది, రెండు రంధ్రాలూ తెరుచుకుని ఫుస్సుమని ఊపిరి వదిలి మళ్ళీ గట్టిగా మూసుకుంటాయి. పడుకున్నదైతే పావుగంట దాటినా రాకపోవచ్చు, చచ్చిపోయిందేమోనని టెన్షన్ పడకండి. తెడ్లలాంటి ముందుకాళ్ళ చివర చిన్న గోళ్ళుంటాయి, ఏనుగుకి దగ్గర చుట్టం కదా. పిల్ల పాలు తాగేది తల్లి చంక దగ్గర. వీపు మీద వరసగా తెల్లటి గీతలు కనిపిస్తే అవి పడవ ప్రొపెల్లర్ కోతలు. పరిశోధకులు ఏది ఏదో గుర్తుపట్టేది చాలావరకు ఆ మచ్చలతోనే.

నీళ్ళలో దగ్గరగా చూడాల్సిందే అంటే పడమటి తీరంలో క్రిస్టల్ రివర్‌కి వెళ్ళాలి. అక్కడ తేలుతూ కదలకుండా ఉండండి, అదే వస్తే వస్తుంది. వెంటపడొద్దు, నిద్రపోతున్నదాన్ని తాకొద్దు, తల్లీపిల్లల మధ్యకి పోవద్దు. బెదిరి చల్లటి నీళ్ళలోకి పోతే నష్టం దానికే, పైగా వేధిస్తే చట్టప్రకారం నేరం.

తిండి పెట్టడం, పైపుతో మంచినీళ్ళు పట్టడం కూడా నేరమే. అలవాటైతే పడవల దగ్గరికే వచ్చి ప్రొపెల్లర్ల కింద పడతాయి. మరి మనాటీలకి లెట్యూస్ ఆకులు పెట్టడం టీవీలో చూపించారుగా అంటారేమో, అది వేరే కథ: మురుగూ ఎరువులూ చేరి ఫ్లోరిడా తూర్పు తీరంలోని ఇండియన్ రివర్ లగూన్ అనే ఉప్పునీటి కయ్యలో నాచు పెరిగిపోయి, వెలుతురు అందక వాటి మేతైన సముద్రగడ్డి చచ్చిపోయింది, 2021లో ఫ్లోరిడా మొత్తమ్మీద 1,100 మనాటీలు చనిపోయాయి, దాంతో గత్యంతరం లేక రెండు చలికాలాలు అధికారులే పెట్టారు. టాంపాలోనో జాక్సన్‌విల్‌లోనో ఇల్లున్నవాళ్ళు వానాకాలంలో లాన్‌కి ఎరువు వేయకండి, చాలా కౌంటీల్లో అప్పుడు నిషేధం కూడా ఉంది.

ఒడ్డున పడి ఉన్నదో, గాయపడిందో కనిపిస్తే నీళ్ళలోకి నెట్టకండి. ఫ్లోరిడా వన్యప్రాణి శాఖ నంబర్ 888-404-3922కి ఫోన్ చేసి, చోటు, ఎంత పెద్దది, ఊపిరి తీస్తోందా, తోక దగ్గర ట్యాగ్ ఏమైనా ఉందా అన్నవి చెప్పండి. వాళ్ళొచ్చేదాకా కాస్త దూరంగా ఉండి, జనం చుట్టూ మూగకుండా చూడండి.