రోజూ నీళ్ళు పోస్తున్నా మొక్క వాడిపోతోందా? ముందు పుల్ల గుచ్చండి

మోకాళ్ళు అరిగినవాళ్ళకి, నడుం వంగనివాళ్ళకి, చేతిలో పట్టు తగ్గినవాళ్ళకి ఇది. మట్టి కలపడం, నారు పెట్టడం, ఎరువు వేయడం మీకు వచ్చు కాబట్టి వాటి జోలికి పోను. నాకు రెండు మోకాళ్ళూ అరిగాయి, కుడి మణికట్టు ఒకసారి విరిగి అతికింది. 12 ఏళ్ళుగా మిద్దె మీద పెయింట్ బకెట్లలో కూరగాయలు పెంచుతున్నాను.

మా వీధిలో ఎవరి మొక్క వాడినా ఫొటో నా ఫోన్‌కే వస్తుంది. కింద ఎప్పుడూ ఒకటే మాట: "పిన్నిగారూ, రోజూ పోస్తూనే ఉన్నా, ఏం మందు కొట్టమంటారు?" నేను అడిగేదీ ఒకటే: "పుల్ల గుచ్చి చూశావా అమ్మా?" చూసి ఉండరు. వేపనూనె కొట్టేసి ఉంటారు, పుల్లమజ్జిగ పోసేసి ఉంటారు, ఎప్సమ్ సాల్ట్ కూడా అయిపోయి ఉంటుంది. పుల్ల మాత్రం గుచ్చరు.

లక్షణం: ఆకులు వేలాడుతున్నాయి, నీళ్ళు మాత్రం రోజూ పడుతున్నాయి

ముందు టైము చూసుకోండి. రోహిణి కార్తె ఎండలో మధ్యాహ్నం 2 గంటలకి ఆనప, బీర, పొట్ల ఆకులు వేలాడటం రోగం కాదు. పొద్దు వాలాక వాటంతటవే లేస్తాయి. తెల్లవారి 6 గంటలకి చూసినా వేలాడుతూనే ఉంటే అప్పుడు మిగతాది చదవండి.

ఇప్పుడు పుల్ల. మూడడుగుల వెదురు పుల్ల, రంగు వేయనిది. అంత పొడుగైతే వంగక్కర్లేదు, నిలబడే గుచ్చొచ్చు. మొక్క మొదలుకి నాలుగు వేళ్ళ దూరంలో మెల్లగా అడుగుదాకా దించి, నిమిషం ఉంచి పైకి తీయండి. నల్లటి బురద అంటుకుని మురుగు వాసన కొడితే కింద రంధ్రం మూసుకుపోయింది, నీళ్ళు దిగడం లేదు, వేళ్ళు కుళ్ళుతున్నాయి. నీళ్ళు ఆపండి. బకెట్ ఎత్తి చూడమని అందరూ చెబుతారు. 20 లీటర్ల బకెట్ తడిమట్టితో 25 కిలోలు దాటుతుంది, ఎవరు ఎత్తాలి? ఎత్తొద్దు. అడుగు నుంచి అంగుళం పైన, పక్కన, డ్రిల్లింగ్ మిషన్‌తో రెండు రంధ్రాలు పెట్టించండి. ఎలక్ట్రీషియన్ ఫ్యాను బాగు చెయ్యడానికి వచ్చిన రోజున అడిగితే ఐదు నిమిషాల పని. ఇకముందు పెట్టే బకెట్లకి మట్టి పోయకముందే పక్క రంధ్రాలు పెట్టించి, ఇటుకల మీద నిలబెట్టండి.

పుల్ల పొడిగా, దుమ్ము అంటుకుని వస్తే అసలు కథ అక్కడ ఉంది.

"కింద నుంచి కారుతున్నాయి కదా!"

దీని చేతిలో నేను ఒక వేసవంతా మోసపోయాను, ఆరు టమాటా మొక్కలు పోగొట్టుకున్నాను. అందుకే కాస్త సాగదీసి చెబుతాను.

ఎక్కువసేపు నిలబడితే మోకాళ్ళు లాగుతాయి. అందుకని పైపు పట్టుకుని గబగబా ఒక్కో బకెట్ మీద ఐదారు సెకన్లు, ధార పూర్తిగా వదిలి పోసుకుంటూ పోయేదాన్ని. బకెట్ కింద నుంచి నీళ్ళు కారగానే "దీనికి చాలు" అనుకుని పక్కదానికి. కారిందంటే మట్టంతా తడిసిందనే కదా అనుకుంటాం. కాదు. నీళ్ళు మట్టిలోంచి కాదు, మట్టి పక్క నుంచి పోతున్నాయి.

మిద్దె మట్టిలో సగం దాకా పశువుల ఎరువు, ఆకుల కంపోస్ట్, కోకోపీట్ (కొబ్బరి పొట్టు) ఉంటాయి. ఇవి ఒక్కసారి ఎముకలా ఎండిపోతే నీళ్ళని వెంటనే పీల్చవు. చేమాకు మీద చుక్కలా పైనే నిలబడి, పల్లం ఎటుంటే అటు జారతాయి. పైగా మట్టి ఎండేకొద్దీ కుంచించుకుపోయి బకెట్ గోడని వదిలేస్తుంది. నల్లమట్టి కలిపినవాళ్ళకి ఇది మరీ ఎక్కువ. గోడకీ మట్టిముద్దకీ మధ్య అగ్గిపుల్ల పట్టేంత సందు ఏర్పడితే చాలు, పోసిన నీళ్ళన్నీ ఆ సందులోంచి నేరుగా అడుగుకి వెళ్ళి బయటికొస్తాయి. మధ్యలో వేళ్ళున్న ముద్ద పిడకలా పొడిగా కూర్చుంటుంది.

అప్పట్లో నేను పుల్ల గుచ్చలేదనుకుంటున్నారేమో. గుచ్చాను! అదే నా బాధ. బకెట్ అంచు దగ్గర గుచ్చాను, ఎందుకంటే అదే చేతికి దగ్గర, ముందుకి వాలక్కర్లేదు. అంచున నీళ్ళు పారుతున్నాయి కాబట్టి పుల్ల చక్కగా తడిగా వచ్చింది. "తడి ఉంది, అయితే తెగులే" అనుకుని మందుల మీద మందులు. చివరికి చచ్చిపోయిన మొక్కని మనవడు పీకితే వేళ్ళతో సహా ముద్ద మొత్తం బయటికొచ్చింది. చుట్టూ తడి, వాడు చేత్తో విరిస్తే లోపల బూడిద. కాబట్టి పుల్ల ఎక్కడ గుచ్చారన్నదే ముఖ్యం. మొదలు దగ్గర ఒకసారి, అంచున ఒకసారి. అంచు తడి, మొదలు పొడి అయితే ఇక వేరే కారణం వెతక్కండి.

ముందుకి వాలడం కూడా కష్టమైతే చేతికర్రతో బకెట్‌ని నెట్టి చూడండి. బాగా తడిసిన 20 లీటర్ల బకెట్ కదలదు. నీళ్ళు పోసిన అరగంటకి కూడా అది కదిలిందంటే లోపల ఎండిపోయినట్టే.

బాగుచేసే పద్ధతి

పుస్తకాల్లో "కుండీని నీళ్ళ తొట్టిలో అరగంట ముంచండి" అని ఉంటుంది. అది నడుం ఉన్నవాళ్ళకి. మనం ఇలా చేద్దాం.

వెదురు పుల్లతో మొదలు చుట్టూ ఐదారు చోట్ల కింది దాకా రంధ్రాలు పొడవండి. ఒకటి రెండు వేళ్ళు తెగితే తెగనీండి. గోడ వెంట ఉన్న సందులో పొడిమట్టి పోసి, పుల్ల వెనక వైపుతో అదమండి. తర్వాత పైపు కట్టేసి, మగ్గు పట్టుకోండి. బకెట్ నిండా నీళ్ళు మోయొద్దు, సగం చాలు. మొదలు దగ్గర ఒక్క మగ్గు, సన్నగా, పోసి పక్క మొక్కకి వెళ్ళిపోండి. వరస చివరిదాకా వెళ్ళి, కుర్చీలో కాసేపు కూర్చుని, మళ్ళీ మొదటి దాని దగ్గరికి వచ్చేసరికి పావుగంట అవుతుంది. మొదటి మగ్గు నీళ్ళు పైమట్టిని మెత్తబరుస్తాయి, రెండో మగ్గు లోపలికి దిగుతుంది. బాగా ఎండినవాటికి మూడో చుట్టు కూడా కావాలి. ఈసారి కింద నుంచి నీళ్ళు కారడం ఆలస్యమైతే సంతోషించండి, లోపల ఆగుతున్నాయన్నమాట.

అయినా చుక్కలు పైనే నిలబడుతుంటే రాత్రి రెండు కుంకుడుకాయలు నలగ్గొట్టి నీళ్ళలో నానేసి, పొద్దున ఆ రసం కాస్త బకెట్ నీళ్ళలో కలిపి ఒక్కసారి పోయండి. తలకి నూనె వదిలించేది ఎలా పనిచేస్తుందో ఇక్కడా అలాగే, నీటిని మట్టికి అంటుకునేలా చేస్తుంది. రోజూ మాత్రం వద్దు.

రెండు చుట్లు తిరగలేనివాళ్ళు లీటరు నీళ్ళ సీసా మూతకి సూదితో రెండు రంధ్రాలు పెట్టి, మొదలు పక్కన తలకిందులుగా గుచ్చండి. సీసా అడుగున కూడా ఒక చిన్న రంధ్రం పెట్టాలి, లేకపోతే గాలి ఆడక నీళ్ళు దిగవు. పట్టు లేని చేతులతో సీసా తిప్పడం నాకూ కష్టమే, అందుకే అడుగు పూర్తిగా కోయించేసి గరాటులా వాడతాను. పైనుంచి మగ్గుతో నింపడమే.

తర్వాత మట్టి మీద రెండంగుళాలు ఎండుటాకులో కొబ్బరి పీచో కప్పండి. అసలు మట్టి అంతగా ఎండనివ్వకపోవడమే మేలు. జనం ఊరెళ్ళి వచ్చిన మర్నాడే నాకు ఎక్కువ ఫొటోలు వస్తాయి.

లక్షణం: డ్రిప్ పెట్టించాను, మొదటి నాలుగు బకెట్లకే నీళ్ళు వస్తున్నాయి

వంగలేం కదా అని చాలామంది డబ్బు పోసేది ఇక్కడే. చాలా డ్రిప్పర్లు (పైపుకి ఉండే, చుక్కలు వదిలే మూతులు) సుమారు 1 బార్ ఒత్తిడికి తయారైనవి, అంటే 10 మీటర్ల ఎత్తు నీళ్ళు. మీ ట్యాంకు అదే మిద్దె మీద, బకెట్ల కంటే రెండు మీటర్ల ఎత్తులో ఉంటే వచ్చేది 0.2 బార్. పొలానికి అమ్మే సామాను మిద్దెకి అమ్మితే ఇంతే. చిన్న పంపు పెట్టించండి, లేదా చేత్తో తిప్పి ధార సర్దుకునే రకం డ్రిప్పర్లు కొద్దిగా పెట్టి, వరసలు చిన్నవి చేయండి. మొదట్లో బాగా వచ్చి తర్వాత తగ్గితే బోరునీళ్ళ ఉప్పు పేరుకుంది. నిమ్మఉప్పు కలిపిన నీళ్ళలో రాత్రంతా నానేయండి. డ్రిప్ ఉన్నా పుల్ల గుచ్చడం తప్పదు, ఒకే చోట పడే చుక్క కూడా సందు దొరికితే దాంట్లోంచే పోతుంది.

లక్షణం: కత్తెర నొక్కితే మణికట్టు పోతోంది

చాలాసార్లు కత్తెర పదును పోయి కాదు, జిగురు పట్టి. కొబ్బరినూనె గుడ్డతో తుడవండి. అప్పటికీ నొప్పైతే రాచెట్ కట్టర్ కొనండి, ఒకే నొక్కుతో కాకుండా మూడు నాలుగు చిన్న నొక్కుల్లో కోస్తుంది.

లక్షణం: కూర్చుంటే లేవలేకపోతున్నాను

పీట మానేయండి. చేతులున్న ప్లాస్టిక్ కుర్చీ వేసుకోండి, బకెట్లని రెండు వరసల సిమెంటు ఇటుకల మీదికి ఎక్కించండి.

అరుదైనవి

అంచూ మొదలూ రెండూ తడిగా ఉండి, వాసన లేకుండా, మొక్క ఆకుపచ్చగానే ఉన్నట్టుండి పడిపోతే కాండం కోసి గ్లాసు నీళ్ళలో నిలబెట్టండి. పాలలాంటి తెల్లటి ధార దిగితే బ్యాక్టీరియా ఎండు తెగులు. మొక్క తీసేయండి, ఆ మట్టిలో మళ్ళీ టమాటా, వంగ, మిరప పెట్టకండి. వేళ్ళకి బుడిపెలుంటే నులిపురుగులు. ఇవి ఉంటాయి, కాదనను. కానీ నాకొచ్చే పది ఫొటోల్లో తొమ్మిది పొడిముద్దలే.

వెదురు పుల్లని మిద్దె తలుపు పక్కన మేకుకి, నడుమెత్తున, తాడుతో కట్టి వేలాడదీశాను. ఊరికే ఆనిస్తే కింద పడుతుంది, దాన్ని తీయడానికి మళ్ళీ మనవణ్ణి పిలవాలి.